ఆటగాళ్లు, లీగులు వివక్షను ఎదిరించాలా? మైదానంలో పనిచేసేవాడిగా నేను గమనించిన అపోహలు - వాస్తవాలు

అనంతపురం జిల్లాలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, మండల స్థాయి పాఠశాల క్రీడలు మొదలుకొని ఊరి జాతరల్లో జరిగే కబడ్డీ, క్రికెట్ టోర్నమెంట్ల వరకు అంపైరుగానో సెలెక్షన్ కమిటీ సభ్యుడిగానో కూర్చునే నాకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. క్రీడాకారులు, క్రీడా సంఘాలు, లీగులు వివక్ష గురించి నోరు విప్పవచ్చా, లేక ఆట ఆడి ఇంటికి వెళ్లిపోవాలా అని తల్లిదండ్రులు అడుగుతారు, తోటి ఉపాధ్యాయులు వాదిస్తారు, టోర్నమెంటుకు చందా ఇచ్చే దాతలైతే "ఇవన్నీ మనకెందుకు సార్" అని తేల్చేస్తారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మాట్లాడటం ఆటగాడికి హక్కు. లీగుకూ సంఘానికీ అది బాధ్యత. హక్కును బాధ్యతగా, బాధ్యతను ఐచ్ఛికంగా చూడటం వల్లనే కింది అపోహల్లో చాలావరకు పుట్టాయని నా నమ్మకం.

అపోహ: మైదానంలో కులమతాలు లేవు. బయటి గొడవలను కొందరు పనిగట్టుకుని ఆటలోకి తెస్తున్నారు.

వాస్తవం: భారత క్రికెట్‌లో తొలి గొప్ప బౌలర్లలో ఒకరైన పల్వంకర్ బాలూ జీవితం తెలిసిన వారెవరూ ఈ మాట అనలేరు. దళిత కుటుంబంలో పుట్టిన బాలూ పుణెలో తెల్లవారి క్లబ్బు మైదానంలో పిచ్ పనులు చేస్తూ, నెట్స్‌లో బంతులు వేస్తూ ఎడమచేతి స్పిన్నర్‌గా ఎదిగారు. అప్పట్లో బొంబాయిలో మతాల వారీగా జట్లు తలపడే టోర్నమెంటు జరిగేది; ఆయన బౌలింగ్ కావాలనుకున్న హిందూ జట్టు ఆయనను చేర్చుకుంది. అయితే టీ విరామంలో మిగతావారు పెవిలియన్‌లో పింగాణీ కప్పుల్లో తాగుతుంటే ఆయనకు బయట మట్టి ముంతలో పోసి ఇచ్చేవారు, భోజనానికి వేరే బల్ల వేసేవారు. 1911లో ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లిన భారత జట్టు తరఫున ఆయన వందకు పైగా వికెట్లు తీశారు. అంతటి వాడికీ హిందూ జట్టు కెప్టెన్సీ దక్కలేదు. 1920లో ఈ అన్యాయానికి నిరసనగా ఆయన తమ్ముళ్లు విఠల్, శివరామ్ టోర్నమెంటు నుంచి తప్పుకున్నారు. 1923లో విఠల్ ఆ జట్టుకు కెప్టెన్ అయ్యారు. క్రీడాకారుల నిరసన పాశ్చాత్య దేశాల నుంచి ఈమధ్య దిగుమతి అయిన అలవాటు అనుకునేవారు ఈ సంవత్సరాలను ఒకసారి గమనించాలి.

ఇదంతా గడిచిపోయిన కాలం సంగతి అనుకోవడానికి మన జిల్లాలు వీలివ్వవు. ఊరి టోర్నమెంటులో జట్లు వీధుల వారీగా ఏర్పడతాయి. వీధులు కులాల వారీగా ఉన్నాయి కాబట్టి జట్లూ అలాగే ఉంటాయి. కాలనీ జట్టు ఫైనల్ గెలిచిన రోజున బహుమతి ఇవ్వవలసిన పెద్దమనిషికి ఉన్నట్టుండి వేరే పని పడటం, నీళ్ల క్యాన్ దగ్గర ఒకరికి గ్లాసు అందించి ఇంకొకరికి పైనుంచి దోసిట్లో పోయడం, భోజనాల వేళ ఎవరూ చెప్పకుండానే కూర్చునే వరుసలు వేరు కావడం నేను స్వయంగా చూసినవే. వీటిని ఆపమని అడిగిన కుర్రవాడు రాజకీయం చేస్తున్నాడని అంటారు. అప్పటిదాకా జరిగినదానికి మాత్రం ఎవరూ ఆ పేరు పెట్టరు.

అపోహ: నిరసన తెలిపినవాడు నష్టపోవడమే తప్ప దానివల్ల ఏదీ మారదు.

వాస్తవం: ఇందులో సగం నిజం, ఆ సగం చాలా బాధాకరమైనది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగు పతకాల వేదిక మీద నల్లజాతి అమెరికన్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్ల తొడుగు వేసుకున్న పిడికిలి ఎత్తినందుకు వారిని జట్టు నుంచి తొలగించి ఇంటికి పంపారు. రెండో స్థానంలో నిలిచిన ఆస్ట్రేలియా తెల్లజాతి పరుగువీరుడు పీటర్ నార్మన్ చేసిందల్లా వారికి మద్దతుగా ఛాతీ మీద ఒక బ్యాడ్జీ పెట్టుకోవడం. 1972 ఒలింపిక్స్‌కు ఆయనను పంపలేదు. 2006లో ఆయన చనిపోయినప్పుడు శవపేటికను మోసినవారిలో స్మిత్, కార్లోస్ ఉన్నారు. ఆస్ట్రేలియా పార్లమెంటు క్షమాపణ చెప్పింది 2012లో. అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు కాలిన్ కేపర్నిక్ 2016లో జాతి వివక్షకు నిరసనగా జాతీయగీతం వేళ మోకరిల్లాడు. మరుసటి సంవత్సరం నుంచి ఏ జట్టూ అతడిని తీసుకోలేదు. ఆటగాళ్ల మాట ముందే వినకపోవడం తమ తప్పేనని అతడు ఆడిన లీగు కమిషనర్ 2020లో ఒప్పుకున్నారు, అప్పటికి కేపర్నిక్ ఆట ముగిసిపోయింది.

ఇక మిగిలిన సగం చూడండి. వర్ణవివక్ష చట్టాలను అమలు చేసిన దక్షిణాఫ్రికాను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1964 టోక్యో క్రీడలకు రానివ్వలేదు, 1970లో బహిష్కరించింది. అదే ఏడాది నుంచి 1991 వరకు ఆ దేశం అధికారిక అంతర్జాతీయ క్రికెట్‌కు దూరమైంది. మన దేశం పాత్ర ఇందులో చిన్నది కాదు. 1974లో విజయ్, ఆనంద్ అమృతరాజ్ సోదరులున్న భారత టెన్నిస్ జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కు చేరింది. ప్రత్యర్థి దక్షిణాఫ్రికా కావడంతో ఆడటానికి భారత్ నిరాకరించింది, కప్పు ఆట లేకుండానే వారికి వెళ్లిపోయింది. డేవిస్ కప్‌ను మనం ఈనాటికీ గెలవలేదు. అయినా ఆ నిర్ణయం తప్పని నేను ఏ పిల్లవాడికీ చెప్పలేను. వర్ణవివక్ష చట్టాలు కూలుతున్న దశలో దక్షిణాఫ్రికా మళ్లీ అంతర్జాతీయ క్రికెట్‌లోకి అడుగుపెట్టిన తొలి మ్యాచ్ 1991 నవంబరులో కోల్‌కతాలో మనతోనే జరగడం, ఈడెన్ గార్డెన్స్ నిండిపోయి వారిని ఆహ్వానించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఈ రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే అర్థమవుతుంది. ఒంటరి ఆటగాడు నిలబడినప్పుడు మూల్యం అతడు చెల్లించాడు; బోర్డులు, సంఘాలు, దేశాలు కలిసి నిలబడినప్పుడు ఒక వ్యవస్థ మీదే ఒత్తిడి పడింది. కాబట్టి "మన స్టార్లు ఎందుకు మాట్లాడరు" అని అడగడానికి ముందు "మన సంఘం ఏం చేసింది" అని అడగాలి.

అపోహ: నిజాయితీ ఉన్న ప్రతి క్రీడాకారుడూ మాట్లాడి తీరాలి, మౌనంగా ఉన్నవాడు వివక్షను సమర్థిస్తున్నట్టే.

వాస్తవం: నేను ఏకీభవించే వారిలోనే ఎక్కువగా వినిపించే అపోహ ఇది. 2021 టీ20 ప్రపంచకప్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ఆటగాళ్లంతా మ్యాచ్‌కు ముందు మోకరిల్లాలని దక్షిణాఫ్రికా బోర్డు మ్యాచ్ రోజు ఉదయం ఆదేశించడంతో క్వింటన్ డికాక్ ఆ మ్యాచ్ నుంచి తప్పుకున్నాడు; తర్వాత క్షమాపణ చెప్పి, మిగతా మ్యాచ్‌లలో మోకరిల్లాడు. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ మనస్ఫూర్తిగా చేయవలసిన పనిని ఆదేశంగా మార్చినప్పుడు చర్చ అంతా వివక్షను వదిలి ఆ ఒక్క ఆటగాడి చుట్టూ తిరిగింది.

మన పిల్లల పరిస్థితి ఇంకా సున్నితమైనది. స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటో, రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగమో తప్ప వేరే ఆధారం లేని ఇంటి నుంచి వచ్చిన అమ్మాయిని, సెలెక్టర్ల మీద నువ్వే ఫిర్యాదు చేయమని ముందుకు తోయడం ధైర్యం నేర్పడం అనిపించుకోదు. ఆమె తరఫున మాట్లాడవలసింది కోచ్, కెప్టెన్, సంఘం. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికాపై హ్యాట్రిక్ చేసిన హాకీ క్రీడాకారిణి వందనా కటారియా ఇంటి ముందు, జట్టు సెమీఫైనల్ ఓడిన తర్వాత కొందరు కులం పేరుతో దూషణకు దిగారు. ఆమె ఇంకా కాంస్య పతక పోరు ఆడవలసి ఉంది. కెప్టెన్ రాణీ రాంపాల్ ఆ చర్యను బహిరంగంగా ఖండించారు. అదే ఏడాది పాకిస్తాన్ చేతిలో ఓడిన తర్వాత మహమ్మద్ షమీని మతం పేరుతో సామాజిక మాధ్యమాల్లో తిట్టినప్పుడు కెప్టెన్ విరాట్ కోహ్లీ విలేకరుల సమావేశంలో షమీకి అండగా నిలిచి, మతం పేరుతో ఒక మనిషి మీద దాడి చేయడాన్ని గట్టిగా తప్పుపట్టాడు. దెబ్బ తిన్న మనిషే లేచి వాదించుకోవలసిన అవసరం లేకుండా చేయడం నాయకుడి పని.

అపోహ: ప్రేక్షకుల నోటికి నిర్వాహకులు తాళం వేయలేరు.

వాస్తవం: 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ బౌండరీ దగ్గర తనను దూషిస్తున్నారని అంపైర్లకు చెప్పాడు. ఆట కొన్ని నిమిషాలు ఆగింది, ఆరుగురిని స్టాండ్ నుంచి బయటికి పంపారు, క్రికెట్ ఆస్ట్రేలియా అదే రోజు క్షమాపణ చెప్పింది. కావాలంటే మైదానం వదిలి వెళ్లవచ్చని అంపైర్లు చెప్పినా కెప్టెన్ రహానే ఆడటానికే మొగ్గు చూపాడని సిరాజ్ తర్వాత వివరించాడు. ఇందులో నిర్వాహకులు గమనించవలసిన ఇంకో సంగతి ఉంది. భారత ఆటగాళ్లు దూషణకు గురైన మాట నిజమేనని విచారణలో తేలింది గానీ, ఆ సమయంలో కెమెరాలకు చిక్కిన ప్రేక్షకులు ఆ దూషణ చేసినవారు కారని కూడా తేలింది. ఆటగాడి ఫిర్యాదును వెంటనే నమ్మి ఆట ఆపడం ఎంత అవసరమో, శిక్షించే ముందు ఆధారం చూడటం కూడా అంతే అవసరం.

స్పెయిన్‌లో 2023 మే నెలలో వాలెన్సియా మైదానంలో నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు వినిసియస్ జూనియర్‌ను జాతి పేరుతో అవమానించిన ముగ్గురికి మరుసటి ఏడాది కోర్టు ఎనిమిది నెలల జైలు శిక్ష విధించింది. మన దగ్గరా చట్టం ఉంది: ఎస్సీ, ఎస్టీలకు చెందినవారిని అందరి ముందు కులం పేరుతో దూషించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. క్రికెట్ మ్యాచ్ జరుగుతున్నంత మాత్రాన ఆ చట్టానికి సెలవు ఉండదని మైకు పట్టుకున్న వ్యాఖ్యాతకు తెలియాలి. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో పాటించే మూడు దశల పద్ధతి ఊరి టోర్నమెంటుకు కూడా చక్కగా సరిపోతుంది: మొదట ఆట ఆపి మైకులో హెచ్చరిక, ఆగకపోతే జట్లను లోపలికి పంపడం, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు. దీనికి డబ్బు ఖర్చు కాదు. దాత ముఖం చూసి వెనుకాడని అంపైరు కావాలి, అతడి వెనక నిలబడే కమిటీ కావాలి.

అపోహ: వివక్ష అంటే కులం, మతం, రంగు మాత్రమే.

వాస్తవం: స్త్రీ పురుష భేదం, వైకల్యం కూడా ఇందులోకే వస్తాయి. భారత మహిళా క్రికెటర్లకు పురుషులతో సమానంగా టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షల మ్యాచ్ ఫీజు ఇస్తామని బీసీసీఐ ప్రకటించింది 2022 అక్టోబరులో. వార్షిక కాంట్రాక్టులలో తేడా ఇంకా ఉన్నప్పటికీ అది సంస్థ తీసుకున్న స్పష్టమైన వైఖరి. వరంగల్ ప్రాంతపు పల్లె నుంచి వచ్చి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తిని చిన్నప్పుడు ఊళ్లో ఎన్ని మాటలన్నారో ఆమె తల్లిదండ్రులే చెప్పుకున్నారు.

అపోహ: అవన్నీ పెద్ద లీగుల సంగతులు, మన ఊరి ఆటలకు సంబంధం లేదు.

వాస్తవం: 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో జరిగినప్పుడు దేశవాళీ అగ్రశ్రేణి ఆటగాళ్లను మన పిల్లలు కొన్ని గజాల దూరం నుంచి చూశారు. నార్పల మండలం బండ్లపల్లి నుంచి వెళ్లిన బారెడ్డి అనూష 2023లో భారత మహిళా క్రికెట్ జట్టుకు ఆడింది. 2025 నవంబరులో ప్రపంచకప్ గెలిచిన మహిళా జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ విజయం తర్వాత, తొమ్మిదో తరగతికి రాగానే కూతురిని ఆట మాన్పించాలనుకునే తండ్రితో మాట్లాడటం నాకు మునుపటి కంటే సులువైంది. అనూష, శ్రీచరణి లాంటి వారు అందుకున్న స్థాయే ఈ పని చేయగలిగినప్పుడు, అలాంటివారు ఒక్క మాట అంటే అది ఎన్ని ఇళ్లకు చేరుతుందో మేం రోజూ చూస్తున్నాం.

అపోహ: ఒక ప్రకటన, ఒక బ్యానర్, చేతికి ఒక పట్టీ ఉంటే లీగు తన వంతు చేసినట్టే.

వాస్తవం: 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఏడు యూరప్ జట్ల కెప్టెన్లు వివక్షకు వ్యతిరేకంగా ప్రత్యేక పట్టీ కట్టుకోవాలనుకున్నారు. కట్టుకుంటే ఎల్లో కార్డు తప్పదని ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా సంకేతమివ్వడంతో అందరూ విరమించుకున్నారు. వివక్షను సహించబోమని నియమావళిలో రాసుకున్న సంస్థే ఆ పట్టీని ఆపింది. అందువల్ల ప్రకటన కంటే నియమావళిని, దాని అమలును చూడమని నేను అందరికీ చెబుతుంటాను. మా వంటి చిన్న టోర్నమెంట్ల విషయంలో నేను కమిటీల ముందు పెట్టే కోరికలు ఇవి: కులం, మతం, రంగు, వైకల్యం పేరుతో దూషిస్తే ఆటగాడికి ఎన్ని మ్యాచ్‌ల నిషేధమో ఎంట్రీ ఫారం మీదే అచ్చు వేయాలి, జట్లు వీధి పేరు మీద కాకుండా కలిపి తీసిన చీటీల ప్రకారం ఏర్పడే పోటీ ఏడాదికి ఒక్కటైనా పెట్టాలి, నీళ్లు, భోజనం అందరికీ ఒకే చోట, ఒకే వరుసలో ఉండాలి, సెలెక్షన్స్‌లో మార్కులు అదే రోజు నోటీసు బోర్డు మీద అంటించాలి, అమ్మాయిల పోటీలు ఉన్నచోట ఫిర్యాదులు తీసుకునేది కమిటీతో బంధుత్వం లేని మహిళ అయి ఉండాలి, ఆమె ఫోన్ నంబరు మ్యాచ్ షెడ్యూలు మీద, ప్రతి జట్టు అమ్మాయిల చేతికీ అందేలా ఉండాలి.