మే నెల ఎండలో ఫిల్మ్ కడగడం: అపోహలు - వాస్తవాలు

ఫిల్మ్ కెమెరా మెడలో వేసుకున్న కుర్రాళ్లు మళ్లీ కనబడుతున్నారు. ఫోటోలు తీయడం వరకు ఉత్సాహంగానే ఉంటున్నారు, రీలు కడగడం దగ్గరికి వచ్చేసరికి వెనకాడుతున్నారు. కొరియర్‌లో ఎక్కడికో పంపి వారాల తరబడి ఎదురుచూస్తున్నారు. నిజానికి బ్లాక్ అండ్ వైట్ రీలు కడగడానికి కావలసినవి తక్కువే: మూతున్న డెవలపింగ్ ట్యాంకు, లోపల ఫిల్మ్ చుట్టే స్పైరల్, వెలుతురు చొరబడని ఛేంజింగ్ బ్యాగు, థర్మామీటరు, కొలపాత్రలు, బొమ్మను తేల్చే మందు డెవలపర్, ఆ బొమ్మను నిలబెట్టే మందు ఫిక్సర్. వీటికి మించి అడ్డుపడుతున్నవి ఆ నోటా ఈ నోటా విన్న మాటలు. వాటిలో ఎక్కువ నష్టం చేస్తున్నవాటిని ఇక్కడ తీసుకుంటున్నాం.

అపోహ: నీళ్లు కచ్చితంగా 20 డిగ్రీలు ఉండాలి. ఏసీ గది లేనిదే మన ఎండాకాలంలో ఫిల్మ్ కడగలేం.

వాస్తవం: 20 డిగ్రీలు అనేది కంపెనీలు టైములు అచ్చువేయడానికి పెట్టుకున్న కొలమానం. వేడి పెరిగితే డెవలపర్ త్వరగా పనిచేస్తుంది, కాబట్టి టైము తగ్గించాలి, అంతే. ఫిల్మ్ కంపెనీ ఇల్ఫోర్డ్ పట్టిక ప్రకారం 20 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు పట్టే పని 23 దగ్గర 3 నిమిషాల్లో అయిపోతుంది. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌కు ఐడీ-11 డెవలపర్‌ను సమానంగా నీళ్లు కలిపి వాడితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. అదే 24 డిగ్రీల దగ్గర సుమారు 9 నిమిషాలు. కొడాక్ డి-76 కూడా దాదాపు ఇదే మందు.

హద్దు లేకపోలేదు. డెవలపింగ్ టైము 5 నిమిషాల కంటే తగ్గకూడదు. ట్యాంకులో పోయడానికి, వంపడానికి పట్టే పదిపదిహేను సెకన్లే అప్పుడు మొత్తం టైములో పెద్ద భాగం అయిపోతాయి. ఫిల్మ్ ఒకచోట ముదురుగా, ఒకచోట పలచగా వస్తుంది. అదే హెచ్‌పీ5ను నీళ్లు కలపని ఐడీ-11లో కడిగితే 20 దగ్గరే ఏడున్నర నిమిషాలు. 26కి పోతే 5 నిమిషాలు కూడా మిగలవు. అందుకే వేసవిలో మందు పలచన చేసి వాడటం మేలు. టైము చేతికందేంత పొడుగ్గా ఉంటుంది, పైగా చల్లటి నీళ్లు కలిపే వీలు దొరుకుతుంది.

ఆ రెండో లాభమే పెద్దది. 35 ఎంఎం రీలు ఒకటి పట్టే ప్లాస్టిక్ ట్యాంకుకు దాదాపు 300 మిల్లీలీటర్ల మందు కావాలి. సీసాలోని డెవలపర్ గది వేడికి 32 డిగ్రీలు ఉందనుకోండి. అది 150 మిల్లీలీటర్లు, 16 డిగ్రీల నీళ్లు 150 మిల్లీలీటర్లు కలిపితే 24 వస్తుంది. ఫ్రిజ్ నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి కాబట్టి ముందు వాటిలో మామూలు నీళ్లు కలిపి 16కి తెచ్చుకోవాలి. చివర్లో థర్మామీటరు పెట్టి చూసుకోవడం తప్పనిసరి. ఐసు ముక్కలు డెవలపర్‌లో నేరుగా వేయొద్దు. కరిగిన నీరెంతో లెక్క ఉండదు, మందు మీరనుకున్నదాని కంటే పలచబడిపోతుంది. ముందురోజు రాత్రి నీళ్ల సీసా గడ్డకట్టించి, వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి, అందులో ఆ సీసా, మందుల గిన్నెలు, ట్యాంకు కలిపి నిలబెట్టండి.

అసలు పట్టించుకోవాల్సింది ఇక్కడ. డెవలపర్ 24లో ఉండి, ఫిక్సర్ 33లో, కడిగే నీళ్లు మిద్దె మీది ట్యాంకు నుంచి సలసలా వస్తుంటే ఫిల్మ్ మీద బొమ్మ ఉండే జెలటిన్ పొర మీద దెబ్బ పడుతుంది. ఒక్కసారిగా ఉబ్బి, ముడుచుకుని, ఎండిన చెరువు మట్టిలా సన్నగా బీటలు తీస్తుంది. ఇవాళ్టి పెద్ద కంపెనీల ఫిల్మ్ పొర గట్టిది కాబట్టి ఇది అరుదు. పొర మెత్తగా ఉండే పాతకాలపు తరహా ఫిల్ములకు భయం ఎక్కువే. ఏదైనా సరే, అన్ని గిన్నెల మధ్య తేడా రెండు మూడు డిగ్రీలు దాటనివ్వకండి. అన్నీ 24లోనో అన్నీ 25లోనో ఉంటే చాలు. ఎప్పుడూ ఒకే థర్మామీటరు వాడండి. అది అర డిగ్రీ తప్పు చూపించినా ప్రతిసారీ అదే తప్పు కాబట్టి మీ టైములు దానికి సర్దుకుంటాయి.

ఈ వెసులుబాటు కలర్‌కు లేదు. కలర్ నెగటివ్‌లు కడిగే సి-41 పద్ధతిలో డెవలపర్‌కు 38 డిగ్రీలు, మూడుంబావు నిమిషాలు. పావు డిగ్రీ తేడా కూడా రంగుల్లో కనబడుతుంది. అయితే మన మే నెలలో నీళ్లను 38 దగ్గర నిలబెట్టడం 20 దగ్గర నిలబెట్టడం కంటే సులువని గమనించండి.

అపోహ: ఎర్రలైటు వేసుకుని ఫిల్మ్ కడగొచ్చు.

వాస్తవం: సినిమాల్లో చూపించే ఎర్రలైటు ప్రింటు కాగితానికి. బ్రోమైడ్ కాగితం నీలం, పచ్చ వెలుగులకే స్పందిస్తుంది కాబట్టి ఎరుపు దాన్ని ఏమీ చేయదు. మామూలు ఫిల్మ్ అన్ని రంగులనూ చూస్తుంది, ఎర్రలైటు కింద మొత్తం నల్లబడుతుంది. ఆర్థోక్రొమాటిక్ (ఎరుపును చూడనిది) అని రాసి ఉన్న ఫిల్ములకే మినహాయింపు.

కాబట్టి స్పైరల్ మీదికి ఎక్కించే పని చీకట్లోనే జరగాలి. ఎక్కువమంది తంటాలు పడేదీ ఇక్కడే. ఎండాకాలం ఛేంజింగ్ బ్యాగులో చేతులు పెట్టిన ఐదు నిమిషాలకే చెమట పడుతుంది, ఆవిరికి ప్లాస్టిక్ స్పైరల్ గాడిలో ఫిల్మ్ అతుక్కుపోతుంది. అప్పుడు బలంగా తోస్తే ఫిల్మ్ మడతపడి, ప్రింటులో నెలవంక ఆకారంలో గుర్తు వస్తుంది. అది ఇక పోదు. ఇరుక్కుంటే తోయకండి. ఉన్నదున్నట్టు ట్యాంకులో పెట్టి, మూత బిగించి, చేతులు బయటికి తీసి తుడుచుకుని, కాసేపు ఫ్యాను కింద కూర్చుని మళ్లీ మొదలుపెట్టండి. ఎక్కించే ముందు ఫిల్మ్ కొస రెండు మూలలు కత్తెరతో కొద్దిగా గుండ్రంగా కత్తిరించండి. స్పైరల్ ఎముకలా పొడిగా ఉండాలి. ఒకే రోజు రెండో రీలు కడగాలంటే రెండో స్పైరల్ కొనుక్కోవడమే తేలిక.

ప్రింటింగ్ గదిలో ఎర్రలైటు నిజంగా కాగితానికి హాని చేస్తోందో లేదో చూసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) కింద కాగితానికి లేత బూడిదరంగు వచ్చేంత వెలుగు ఇచ్చి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి, ఎర్రలైటు కింద 5 నిమిషాలు ఉంచి డెవలప్ చేయండి. బిళ్ల ఆకారం కనబడితే లైటు దూరం జరపాలి, లేదా బల్బు మార్చాలి. తెల్ల కాగితంతో ఈ పరీక్ష చేస్తే మోసపోతారు. కాస్త వెలుగు తగిలి ఉన్న కాగితమే సన్నటి లోపాన్ని పట్టిస్తుంది.

అపోహ: 120 అంటే ఫిల్మ్ వెడల్పు 120 మిల్లీమీటర్లు.

వాస్తవం: కాదు. అది 1901లో వచ్చిన ఫిల్మ్‌కు కొడాక్ ఇచ్చిన వరుస సంఖ్య మాత్రమే. వెడల్పు 6 సెంటీమీటర్ల పైచిలుకు. కెమెరాను బట్టి 6×4.5లో 16, 6×6లో 12, 6×7లో 10, 6×9లో 8 ఫోటోలు వస్తాయి. 35 ఎంఎం డబ్బీ మీద కనబడే 135 కూడా అలాంటి సంఖ్యే, 1934 నాటిది. కడిగేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: 120కి దాదాపు 500 మిల్లీలీటర్ల మందు కావాలి. 300 పోస్తే ఫిల్మ్ పైఅంచు మందులో మునగదు.

అపోహ: ట్యాంకును ఎంత ఊపితే అంత బాగా కడిగినట్టు.

వాస్తవం: ఎక్కువ ఊపితే కాంట్రాస్టు పెరిగి ఆకాశం, తెల్లచొక్కాలు మొద్దుబారతాయి. 35 ఎంఎంలో పళ్ల చిల్లుల గుండా మందు దూసుకెళ్లి అంచుల్లో చారలు పడతాయి. ప్రతి నిమిషం మొదట్లో 10 సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయడం చాలు. చేసిన ప్రతిసారీ ట్యాంకు అడుగును బల్ల మీద టకటకా తట్టండి, గాలి బుడగలు వదిలిపోతాయి. తట్టకపోతే బుడగ అంటుకున్నచోట నెగటివ్‌లో పలచటి చుక్క, ప్రింటులో నల్ల చుక్క మిగులుతుంది.

అపోహ: ఇంట్లో కలిపిన డెవలపర్ ప్యాకెట్ మందుకు సాటిరాదు.

వాస్తవం: డి-76 ఫార్ములా దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీటిశాతం లేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు. అవును, కంసాలులు వాడే ఆ వెలిగారమే, కాకపోతే ల్యాబ్ గ్రేడుది. 52 డిగ్రీల నీళ్లు 750 మిల్లీలీటర్లు తీసుకుని, ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాక మిగతా సల్ఫైట్, ఆ తర్వాతే మిగిలినవి. చివరికి నీళ్లతో లీటరు చేయాలి. ఈ వరుస తప్పితే మెటాల్ కరగదు, సల్ఫైట్ గాఢంగా ఉన్న నీళ్లలో అది మొండికేస్తుంది.

రసాయనాల కొట్లో జరిగే పొరపాటు ఒకటుంది. సల్ఫైట్ అడిగితే సల్ఫేట్ ఇస్తారు. రెండూ తెల్లపొడులే, చూపుకు తేడా తెలియదు. డబ్బా మీది ఫార్ములాలో ఆక్సిజన్ కింద 3 ఉంటే సల్ఫైట్, 4 ఉంటే సల్ఫేట్. సల్ఫేట్‌తో కలిపిన మందు గాలి తగిలి త్వరగా గోధుమరంగుకు తిరిగి చచ్చిపోతుంది. మెటాల్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, చేతితొడుగులు వేసుకునే కలపండి.

అపోహ: హైపోలో ఎక్కువసేపు ఉంచితే నష్టం లేదు, లెక్క చూడక్కర్లేదు.

వాస్తవం: స్టూడియోల అలవాటుతో ఫిక్సర్ ఏదైనా మనం హైపో అనేస్తాం. అసలు హైపో సోడియం థయోసల్ఫేట్, నెమ్మదిగా పనిచేస్తుంది. ఇప్పుడు దొరికే ర్యాపిడ్ ఫిక్సర్లు అమ్మోనియం థయోసల్ఫేట్, చాలా చురుకు. వాటిలో అరగంట వదిలేస్తే సన్నటి వివరం తినేయడం మొదలవుతుంది. తక్కువసేపు ఉంచితే నెగటివ్ పాలలా మసకగా వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ మచ్చలు తేలుతుంది.

టైము ఎంతో ఫిల్మే చెబుతుంది. రీలు కొస నుంచి అంగుళం ముక్క కత్తిరించి, పొర వైపు ఒక చుక్క ఫిక్సర్ వేసి అరనిమిషం ఆగండి. తర్వాత ముక్క మొత్తాన్ని ఫిక్సర్‌లో ముంచి గడియారం చూడండి. చుక్క పడినచోటుకీ మిగతా ముక్కకీ తేడా మాయమైన క్షణం క్లియరింగ్ టైము. ఫిల్మ్‌ను దానికి రెట్టింపుసేపు ఉంచాలి, టీ-మ్యాక్స్, డెల్టా తరహా ఫిల్ములను మూడింతలు. కొత్త ఫిక్సర్ కలిపిన రోజే ఆ అంకె సీసా మీద రాసిపెట్టండి. అది రెండింతలైన రోజు ఆ ఫిక్సర్ పని అయిపోయినట్టే. నెగటివ్ మసకగా వచ్చిందని ఏడవక్కర్లేదు, వెలుతురులోనే మళ్లీ కొత్త ఫిక్సర్‌లో వేస్తే తేటపడుతుంది.

వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది. ఎక్స్‌రే ల్యాబుల నుంచి అది కొని వెండి తీసేవాళ్లు అందుకే తిరిగేవారు. చెరువులోకో కాలువలోకో పోతే చేపలకు, నీటిలోని ఇతర జీవాలకు హాని. సింకులోనో సెప్టిక్ ట్యాంకులోనో పోయకుండా క్యాన్‌లో పోగుచేసి, వెండి తీసేవాళ్లకు ఇవ్వండి.

అపోహ: కుళాయి కింద గంటసేపు ధారగా కడగాలి.

వాస్తవం: ఫిక్సర్‌లో హార్డనర్ (పొరను గట్టిపరిచే మందు) లేకపోతే ఇల్ఫోర్డ్ చెప్పిన పద్ధతి చాలు. ట్యాంకు నిండా నీళ్లు పోసి 5 సార్లు తలకిందులు చేసి పారబోయడం, కొత్త నీళ్లతో 10 సార్లు, మళ్లీ కొత్త నీళ్లతో 20 సార్లు. ఒక రీలుకు లీటరు నీళ్లు. బిందెలతో నీళ్లు మోసుకునే ఇళ్లలోనూ కుదిరే పని.

బోరునీళ్లతో వచ్చే చిక్కు చివర్లో ఉంటుంది. ఆరాక తెల్లటి సున్నపు మరకలు నెగటివ్ మీద మిగులుతాయి. ఆఖరి ముంపుకు మాత్రం బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. కొట్లో అడిగేటప్పుడు నీళ్లే కావాలని, యాసిడ్ కాదని చెప్పి, సీసా మీద రాసింది చదవండి. అర లీటరులో, నీటిబొట్లు నిలవకుండా జారిపోయేలా చేసే ఫోటో-ఫ్లో రెండున్నర మిల్లీలీటర్లు, సిరంజితో కొలిచి కలపాలి. ఎక్కువైతే జిగట పొర మిగులుతుంది. అంట్లు తోమే సబ్బునీరు వద్దు, దానిలోని రంగు, వాసన ఫిల్మ్ మీదే ఉండిపోతాయి. ఆరబెట్టేది స్నానాల గదిలో, ఫ్యాను ఆపి. తడి పొర మీద వాలిన దుమ్ము ఆరాక ఊడిరాదు.

అపోహ: 400 ఫిల్మ్‌ను 1600కి పుష్ చేస్తే స్పీడు పెరుగుతుంది.

వాస్తవం: పుష్ అంటే తక్కువ వెలుతురులో తీసిన ఫిల్మ్‌ను ఎక్కువసేపు డెవలప్ చేయడం. నీడల్లో పడని వెలుతురును ఏ డెవలపరూ పుట్టించలేదు. హెచ్‌పీ5ను ఐడీ-11లో ఏడున్నర బదులు 14 నిమిషాలు ఉంచితే మధ్యఛాయలు, తెలుపులు పైకి లేస్తాయి, నీడలు నల్లగానే ఉంటాయి. రాత్రి జాతర దీపాలకు ఆ కాంట్రాస్టు బాగుంటుంది, మధ్యాహ్నపు ఎండకు అసలు నప్పదు.

అపోహ: నెగటివ్ ఖాళీగా వచ్చిందంటే కడగడంలోనే తప్పు.

వాస్తవం: అంచున కంపెనీ పేరు, ఫోటోల నంబర్లు చూడండి. అవి ఫ్యాక్టరీలోనే వెలుగుతో అచ్చయినవి, మీ కెమెరాతో వాటికి సంబంధం లేదు. నంబర్లు నల్లగా స్పష్టంగా ఉండి ఫోటోలు లేకపోతే కెమెరాలో ఫిల్మ్ తిరగలేదు, లేదా షట్టర్ తెరుచుకోలేదు. నంబర్లు బాగుండి ఫోటోలు పలచగా ఉంటే ఎక్స్‌పోజర్ తక్కువ. నంబర్లు కూడా వెలిసినట్టుంటే డెవలప్‌మెంట్ చాలలేదు: మందు పాతది, లేదా నీళ్లు మరీ చల్లన, లేదా కొలత తప్పు. అంచు నంబర్లే లేకుండా రీలు మొత్తం అద్దంలా ఉంటే ముందు ఫిక్సర్ పోశారు, లేదా డెవలపర్ పూర్తిగా చచ్చిపోయింది. సీసాలకు రంగు టేపులు వేరువేరుగా చుట్టండి, మొదటి పొరపాటు జరగదు. రెండోదానికి, రీలు ట్యాంకులోకి పోయే ముందే, కత్తిరించిన కొస ముక్కను వెలుతురులో డెవలపర్‌లో వేసి రెండు నిమిషాలు చూడండి. ముక్క నల్లబడకపోతే ఆ మందు పారబోసి కొత్తది కలుపుకోండి. ట్యాంకులోని రీలుకు అప్పటికింకా ఏమీ కాలేదు.