"ఫైల్ క్లోజ్ అయింది, ఇంకేం చేయలేం": అనుమానాస్పద మృతి కేసులపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం మా వీధి ఆయన ఒక తల్లిని మా ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. కొడుకు పోయి ఏడాదిన్నర. "కేసు మూసేశారంట సార్, ఇక తెరవరంట కదా?" అని అడిగింది. ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చివరి కొన్నేళ్లు పాత ఫైళ్లు తిరగేయడమే నా డ్యూటీ. ఈ మాట ఎంతమంది నోట విన్నానో.

అపోహ: యాక్షన్ డ్రాప్ చేసిన (ఇక చర్య అక్కర్లేదని మూసేసిన) కేసు మళ్లీ తెరవరు.

వాస్తవం: తెరుస్తారు. బీఎన్‌ఎస్‌ఎస్ (నేర దర్యాప్తు, విచారణ విధానం చెప్పే కొత్త చట్టం) 194, అంటే పాత చట్టంలోని 174 సెక్షన్, కింద చూసేది మనిషి ఎలా చనిపోయాడన్నది మాత్రమే. అది తీర్పు కాదు. శవ పంచనామా పరిధి చావుకు పైకి కనిపించే కారణం వరకేనని సుప్రీంకోర్టు 1975లోనే, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే, చెప్పింది. నేరం జాడ తగిలితే సెక్షన్ ఆల్టర్ చేసి, అంటే కేసును ఆ నేరం సెక్షన్ కిందికి మార్చి, దర్యాప్తు చేయాల్సిందే. చార్జిషీటు వేశాక కూడా తదుపరి దర్యాప్తుకు వీలుంది. కోర్టులో విచారణ నడుస్తుంటే మాత్రం అనుమతి తీసుకోవాలి. హత్య కేసుకు కాలపరిమితి లేదు. 2007లో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో విద్యార్థిని హత్య జరిగింది. శిక్ష పడిన యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలేసింది. కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పరీక్ష చేశారు. పన్నెండేళ్ల తర్వాత!

"పంచనామా రోజు ఎవరి మీదా అనుమానం లేదని సంతకం పెట్టేశాం" అని కుమిలిపోయేవాళ్లు చాలామంది. శవం పక్కన ఏడుస్తూ పెట్టిన సంతకం అది. తర్వాత అనుమానం వస్తే చెప్పే హక్కు దానివల్ల పోదు.

కేసుకు గడువు లేకపోయినా సాక్ష్యానికి ఉంటుంది. నష్టమంతా అక్కడే. సీసీ కెమెరా రికార్డింగు చాలాచోట్ల నెలలోపే చెరిగిపోతుంది. కాల్ డేటాను టెలికం కంపెనీలు కనీసం 2 ఏళ్లు ఉంచాలన్నది నిబంధన, ఆ పైన దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఒక ఫైల్ నాకింకా గుర్తుంది. కాలువలో దొరికిన కుర్రాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరు విసెరా (పరీక్షకు పంపిన శరీర లోపలి భాగాల) రిపోర్టు వచ్చాక తుది అభిప్రాయం ఇస్తానని రాశారు. రిపోర్టు ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) నుంచి వచ్చింది, ఫైల్లో కుట్టారు, డాక్టరుకు మాత్రం ఎవరూ పంపలేదు. మునిగి చనిపోయాడని మూసేశారు. చెల్లెలు వచ్చి ఎవరినీ తిట్టలేదు. "మా అన్న ఫోన్ పంచనామాలో ఎందుకు లేదు సార్?" అని ఒక్కటే అడిగింది. ఆ ప్రశ్న పట్టుకునే మొదలుపెట్టాం. ఆ ఫోన్ రెండు రోజుల తర్వాత కూడా పనిచేసింది. దాన్ని గట్టు మీద తీసుకున్న మనిషి దొరికాడు. కాళ్లు కడుక్కోబోయి కుర్రాడు జారిపోవడం చూశాడు, భయపడి చెప్పలేదు. డాక్టరు తుది అభిప్రాయమూ మునకే. ప్రమాదమే అని తేలింది. ఆ పిల్ల చాలాసేపు ఏడ్చింది, ఆ తర్వాత మళ్లీ ఎవరినీ అనుమానించలేదు.

మిగతావి క్లుప్తంగా. సీబీఐకి ఇస్తేనే న్యాయం అనుకోకండి, ఎస్పీ వేరే అధికారికి ఫైల్ అప్పగించి చూపించవచ్చు, అర్జీలో అదే అడగండి. రీపోస్టుమార్టం అంటే హత్య రుజువైనట్టు కాదు. ఎఫ్‌ఐఆర్ ఉన్న కేసులో పోలీసులు కేసు మూసేయమని కోర్టుకు ఫైనల్ రిపోర్టు వేస్తే, కోర్టు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి అభ్యంతరం వినాలి. ఇక శవం ఫొటోలు వాట్సాప్‌లో తిప్పుతూ "ఇది పక్కా మర్డర్" అని రాసేవాళ్లు దయచేసి ఆపండి. ఆ పుకారు విన్న సాక్షి రేపు చూసింది కాక, విన్నది చెబుతాడు.

ఆ తల్లి చేత నాలుగు పేజీల అర్జీ మానిపించి, మూడు ప్రశ్నలు రాయించాను. విసెరా రిపోర్టు మీద డాక్టరు తుది అభిప్రాయం తీసుకున్నారా? చివరిసారి కలిసిన స్నేహితుడి వాంగ్మూలం ఉందా? ఆ రాత్రి కాల్ డేటా తెప్పించారా? మూడోదానికి మిగిలింది ఆరు నెలలేనని చెప్పాను. సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌కు వెళ్లింది. నకలు మీద స్టాంపు వేయించుకున్నానని మధ్యాహ్నం ఫోన్ చేసింది.