వేలి మీద సిరా, గోడ మీద జాబితా

పరీక్ష ఫారాలు నింపే రోజులు దగ్గరపడగానే తెలంగాణను ఆనుకున్న ఈ మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల బీఈడీ కళాశాలల నోటీసు బోర్డుకు హాజరు తగ్గినవాళ్ళ జాబితా ఒకటి ఎక్కుతుంది. రోల్ నంబరు, పేరు, పక్కన రెండు అంకెలు. ఒకటి తరగతుల హాజరు, రెండోది ఇంటర్న్‌షిప్, అంటే బడిలో పాఠాలు చెబుతూ గడిపే కాలపు హాజరు. మొదటిది 80 శాతానికి, రెండోది 90 శాతానికి తగ్గితే ఫారం తీసుకోరు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ నుంచి నాందేడ్ వైపు, సిరొంచ నుంచి అహేరి, గడ్చిరోలి వైపు చదువుకు వెళ్ళే తెలుగు ఇళ్ళ పిల్లలకు ఆ కాగితం కొత్త కాదు. కొత్తదల్లా ఇప్పుడు వాళ్ళ చేతికి దొరికిన వాదన. హాజరు తగ్గిందన్న కారణంతో న్యాయశాస్త్ర విద్యార్థులను పరీక్షకు దూరం పెట్టకూడదని 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ మాట లా కళాశాలల గురించి. ఫోన్లలో నాలుగు చేతులు మారేసరికి ‘లా’ అన్న అక్షరం రాలిపోయి, హాజరు అక్కర్లేదన్న మాట మాత్రం మిగిలింది.

బీఈడీ సంగతి వేరని ప్రిన్సిపాళ్ళు అంటున్నారు. వేరే, కాదనలేం. కానీ ఎందుకు వేరైందో ఆ నోటీసు బోర్డు చెప్పదు. ట్రైనింగ్ స్కూళ్ళ కాలం, ఉపాధ్యాయ శిక్షణను అదుపు చేసే జాతీయ మండలి ఎన్‌సీటీఈకి పునాది అయిన 1993 నాటి చట్టం, ఇవన్నీ ఉపాధ్యాయ శిక్షణలో అడుగుపెట్టిన ప్రతివారూ మొదటి సెమిస్టరులోనే బట్టీ పట్టే విషయాలు కనుక వదిలేద్దాం. ఈ గొడవకు సంబంధించినంతవరకు కథ 2011లో మొదలవుతుంది. అదీ మన గుమ్మంలోనే.

ఆ ఏడాది నాందేడ్ జిల్లా కలెక్టరుగా ఉన్న శ్రీకర్ పరదేశి, జిల్లాలోని బడులన్నిటిలో పిల్లలను ఒకేసారి లెక్కపెట్టించారు. రిజిస్టర్లలో ఉన్న పేర్లలో లక్షకు పైగా బెంచీల మీద కనిపించలేదు. పేరుంటే తుకడీ, అంటే తరగతి సెక్షను, నిలుస్తుంది, తుకడీ నిలిస్తే మాస్టారి పోస్టు నిలుస్తుంది, గ్రాంటు వస్తుంది. అందుకని లేని పిల్లలకు హాజరు పడుతూ వచ్చింది. నాందేడ్ లెక్క చూసి ప్రభుత్వం అదే పని రాష్ట్రమంతటా చేయించింది. 2011 అక్టోబరు 3 నుంచి 5 వరకు మూడు రోజులు, ఒక పిల్లవాడిని రెండు బడుల్లో చూపించకుండా, ఓట్ల రోజున పూసినట్టు వేలికి సిరా పూసి మరీ లెక్కపెట్టారు. దాదాపు ఇరవై లక్షల పేర్లు తేలిపోయాయి. మరాఠీలో దీనికి ‘పట్ పడతాళణి’ అని పేరు. పట్ అంటే బడి పట్టిక, పడతాళణి అంటే సరిచూడటం. అప్పట్లో మా వీధి పిల్లలు ఆ సిరా మచ్చను ఒకరికొకరు గొప్పగా చూపించుకుని తిరగడం నాకు గుర్తుంది. తమ పక్కన కూర్చోవలసిన ఎంతమంది కాగితం పిల్లలు మాయమయ్యారో వాళ్ళకేం తెలుసు.

బోగస్ పిల్లలు పోతే వాళ్ళ పేరిట ఉన్న పోస్టులూ పోవాలి కదా. మిగులు ఉపాధ్యాయులు తేలారు. వాళ్ళను సర్దేవరకు కొత్తవాళ్ళను తీసుకోవద్దని 2012 మే 2న ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. ఆ తేదీ తరువాత జరిగిన నియామకాలు చెల్లుతాయా చెల్లవా అన్న కేసులు ఏళ్ళ తరబడి హైకోర్టులో నడిచాయి. మహారాష్ట్రలో ఏ మాస్టారిని అడిగినా ఆ తేదీని పుట్టినరోజులా చెబుతారు.

ఈ హాజరు గొడవలోకి వచ్చి కలిసిన కాలువల్లో ఇది ఒకటి. రెండో కాలువ కూడా అదే ఏడాది, ఇంకా చెప్పాలంటే సిరా పూయడానికి అయిదు నెలల ముందు తెగింది. మహారాష్ట్రలో ప్రాథమిక బడుల ఉపాధ్యాయులను తయారుచేసే 291 డీటీఈడీ కళాశాలలకు ఎన్‌సీటీఈ పశ్చిమ ప్రాంతీయ కమిటీ గుర్తింపు ఇచ్చిన తీరు మీద వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఇన్ని కొత్త కళాశాలలు మాకు వద్దని రాష్ట్రం మొత్తుకుంటున్నా గుర్తింపులు వచ్చాయి. 2011 మేలో కోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఒక కమిషన్ వేయించింది. వర్మ పేరు చెప్పగానే అందరికీ 2013 జనవరి నాటి మహిళా భద్రత నివేదికే గుర్తుకొస్తుంది. అంతకు అయిదు నెలల ముందు, 2012 ఆగస్టులో, ఆయన ఉపాధ్యాయ విద్య మీద ఇచ్చిన నివేదికను బీఈడీ పాఠాలు చెప్పేవాళ్ళు తప్ప ఎవరూ తలచుకోరు.

దేశంలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో నూటికి తొంభై దాకా ప్రైవేటువేనని ఆ నివేదిక ఎత్తి చూపింది. శిక్షణ కాలం పెంచాలని, విద్యార్థి బడిలో ఎక్కువ కాలం గడపాలని చెప్పింది. దాని నీడలోనే 2014 నవంబరు 28 నాటి ఎన్‌సీటీఈ నిబంధనలు వచ్చాయి. 2015-16 నుంచి బీఈడీ రెండేళ్ళయింది. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, వారానికి కనీసం 36 గంటలు. బడిలో 20 వారాలు, అందులో 4 మొదటి ఏడాది, 16 రెండో ఏడాది. తరగతులకు, ప్రాక్టికల్‌కు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు. చేరిన రోజు నుంచి మూడేళ్ళలో ముగించాలి. హాజరు గురించి చెప్పిన ఆ వాక్యంలో జబ్బుకో, ఇంట్లో చావుకో మినహాయింపు మాట లేదు. మామూలు డిగ్రీలో 75 శాతం దగ్గర నడిచిపోయే వ్యవహారం ఇక్కడ బిగుసుకున్నది అందుకే.

నేను ఏడాది బీఈడీ కాలపు మనిషిని. మాకు సరావ్ పాఠాలు, అంటే అభ్యాస బోధన, నలభై రోజులు. టాచణ్, అంటే పాఠ్య ప్రణాళిక, రాసుకుని, చార్టు చుట్టి చంకలో పెట్టుకుని, బడికి వెళ్ళి పాఠం చెప్పి వచ్చేవాళ్ళం. ఆ నలభై రోజుల్లో నేర్చిందేమీ లేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. పదహారు వారాలు ఒకే బడిలో ఉండటం మంచిదే. పిల్లవాడి పేరు తెలిసేసరికే మాకు బడి మారిపోయేది. కాబట్టి ఇంటర్న్‌షిప్ వద్దనే వాదన ఇక్కడ ఎవరూ చేయడం లేదు.

ఈ రెండు కాలువలనూ పక్కపక్కన పెట్టి చూడండి. లేని పిల్లలకు హాజరు వేసింది బడుల యాజమాన్యాలు. లేని వసతులు చూపించి గుర్తింపు తెచ్చుకున్నాయన్న అనుమానం పడింది కళాశాలల మీద. రెండు చోట్లా తప్పు రిజిస్టరు రాసేవాడిది. అయినా 2014 నిబంధనల తరువాత కూడా రిజిస్టరు అతని చేతిలోనే ఉంది. మారినదల్లా దానిలో ఒక గీత తగ్గితే ఎవరి ఏడాది పోతుందన్నదే.

ఆ గీతలు ఎలా పడతాయో ఈ జిల్లాల్లో చిన్నపిల్లలకూ తెలుసు. ‘నాన్ అటెండింగ్’ అన్న మాట తెలుగు నేల మీద ఎంత చెలామణిలో ఉందో ఇక్కడా అంతే. ఫీజుతో పాటు మరికొంత ఇస్తే పరీక్షలకు వస్తే చాలు. ఒక కళాశాల రిజిస్టరు నేను ఒకసారి చూశాను, పేరు ఎందుకులెండి. నెల మొత్తం ఒక వరసలో ‘పి’లు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్క కూర్చోవడంలో రాసినట్టున్నాయి. కింది వరసలో ఉన్న అతనికి రకరకాల సిరాలు, మధ్యలో కొట్టివేతలు, రెండు ‘ఏ’లు. రోజూ వచ్చేవాడి వరస అలాగే ఉంటుంది మరి. జాబితా గోడకెక్కినప్పుడు రెండో అతని పేరే అందులో ఉంటుంది.

కళాశాలల మాట కూడా చెప్పాలి. సీట్లు నిండడం లేదు, అధ్యాపకులకు జీతాలివ్వడం కష్టంగా ఉంది, నిబంధన సడలించినట్టు ఒక్క ఫిర్యాదు వెళ్ళినా ఎన్‌సీటీఈ చట్టం 17వ సెక్షను కింద గుర్తింపు రద్దు చేయవచ్చు, అప్పుడు అందరూ నష్టపోతారు అని వాళ్ళ వాదన. ప్రాంతీయ కమిటీ ఒకప్పుడు భోపాల్‌లో ఉండేది, ఇప్పుడు ఢిల్లీలో ఉంది. వివరణ ఇవ్వడానికి అంత దూరం పోవాలి. ఇదంతా నిజమే.

ఇంక దూరం సంగతి. సిరొంచ నుంచి గడ్చిరోలికి రెండు వందల కిలోమీటర్లకు పైనే. అదే ప్రాణహిత దాటితే మంచిర్యాల అందులో సగం కూడా ఉండదు. వంతెనలు వచ్చాక బజారు పనికి, ఆసుపత్రికి అటే పోతారు. చదువుకు పోతే మాత్రం అక్కడ నాన్‌లోకల్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయిన వీళ్ళకు ఇటు విశ్వవిద్యాలయమే గతి. గడ్చిరోలిలో గోండ్వానా విశ్వవిద్యాలయం వచ్చింది కూడా 2011 సెప్టెంబరులోనే. అంతకుముందు నాగపూర్‌కు పోవాల్సి వచ్చేది. ఇంత ఉపకారం చేసింది కనుక ఆ ఏడాదిని పూర్తిగా తిట్టలేం.

ధర్మాబాద్ నుంచి రైలెక్కి వెళ్ళి వచ్చే ఒక రెండో ఏడాది విద్యార్థిని తన ఇంటర్న్‌షిప్ పుస్తకం నాకు చూపించింది. ఎడమ పేజీలో తేదీ, తరగతి, పీరియడు, పాఠం. కుడి పేజీలో పరిశీలకుల మాట, సంతకం. ఆరో తరగతి విజ్ఞానం, పాఠం పేరు ‘బాష్పీభవన్’. వెనక బెంచీలో కూర్చున్న నలుగురు తెలుగు ఇళ్ళ పిల్లలు గుడ్లప్పగించి చూస్తుంటే ఆమె రెండు నిమిషాలు తెలుగులో చెప్పిందట. తడి తువ్వాలు తీగ మీద వేస్తే సాయంత్రానికి నీళ్ళు ఎటు పోయాయని అడిగిందట. అప్పటిదాకా నోరు విప్పని పిల్లవాడు “పైకి పోయాయి మేడం” అన్నాడట. కుడి పేజీలో ఎర్ర సిరాతో ఒకే ఒక్క ముక్క రాసి ఉంది: మరాఠీలోనే చెప్పాలి. విచిత్రమేమిటంటే పాఠం పేరు మరాఠీలోనూ తెలుగులోనూ ఒకటే, ‘బాష్పీభవనం’. తువ్వాలు మాత్రం ఆ పిల్లవాడికి తెలుగులోనే ఆరింది.

రాష్ట్ర ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో మొదటి భాషగా తెలుగును ఎంచుకోవడానికి వీలుంది. అంటే తెలుగు వచ్చిన ఉపాధ్యాయుడు కావాలని ఒక చోట కాగితం మీద ఒప్పుకున్నారు. ఆ ఉపాధ్యాయుడు తయారయ్యే పదహారు వారాల్లో ఆ తెలుగుకు గడి లేదు. రోజు లెక్కకు వస్తుంది, రోజులో జరిగింది లెక్కకు రాదు. హాజరు మీద ఇంత పట్టుదల చూపించే విధానంలో ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని ముక్క.

ఇదంతా పూర్తి చేస్తే ఎదురుగా ఉన్నదేమిటి? నియామకాలు ఉపాధ్యాయ అభియోగ్యతా పరీక్ష, ‘పవిత్ర’ అనే ప్రభుత్వ నియామక పోర్టల్ ద్వారా ఆగి ఆగి జరుగుతున్నాయి. 2019-20 టెట్‌లో డబ్బు తీసుకుని మార్కులు వేసిన కుంభకోణం బయటపడి, 2022లో ఏడువేల ఎనిమిది వందల మందికి పైగా అనర్హులయ్యారు. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. సిరొంచ తాలూకాలో ఊరి దగ్గర దొరికే ఉద్యోగమంటే జిల్లా పరిషత్ ప్రాథమిక బడిదే. ఆ దారి మూసుకుంది. పైగా 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ కొత్త ముసాయిదా పెట్టింది. నాలుగేళ్ళ డిగ్రీ లేదా పీజీ చేసినవాళ్ళకు మళ్ళీ ఏడాది బీఈడీ. పదేళ్ళ కిందట ఏడాది చాలదని రెండేళ్ళు చేసినవాళ్ళే ఇప్పుడు కొందరికి ఏడాది చాలంటుంటే, రెండేళ్ళ కోర్సులో రెండు శాతం తగ్గి ఆగిపోయినవాళ్ళకు ఒళ్ళు మండదా?

ధర్మాబాద్ అమ్మాయి పేరు కూడా జాబితాలో ఉంది. వారానికి ఆరు రోజుల చొప్పున పదహారు వారాలంటే తొంభై ఆరు రోజులు. తొంభై శాతం నిలవాలంటే తొమ్మిది రోజుల కంటే ఎక్కువ మానకూడదు. ఆమె వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పింది. జ్వరం మూడు రోజులు. సోయా కోతలకు కూలీలు దొరక్క చేలోకి దిగింది రెండు రోజులు. రైలు ఆలస్యమై సంతకాల వేళ దాటిపోయింది రెండు సార్లు. బాబాయి పోయినప్పుడు రెండు రోజులు. తొమ్మిదీ అయిపోయాయి.

పదో రోజు కులపత్రం విచారణకు రమ్మని పిలుపు వచ్చింది. రిజర్వేషను సీటులో చేరినవాళ్ళు ఆ ధ్రువీకరణ తెచ్చి ఇవ్వకపోతే సీటే నిలవదు. తాతల కాలం నాటి బడి పట్టిక నకలు పట్టుకుని వెళ్ళి, పొద్దంతా వరండాలో కూర్చుని వచ్చింది. దానికీ మరాఠీలో పేరు పడతాళణే, ‘జాత్ పడతాళణి’. ఆ కార్యాలయం వాళ్ళు ఇచ్చిన హాజరు చీటీని తెచ్చి కళాశాలలో చూపిస్తే, ఇది ఇక్కడి హాజరు కాదు కదమ్మా అన్నారట గుమాస్తా.