బంక్ మూసేశాక కూడా ఆ నీళ్ళు ఎందుకు చూస్తారంటే

బుజ్జులూ,

మీ ఉత్తరం చేరింది. మూసేసిన పెట్రోల్ బంక్ దగ్గర ఒకాయన నేలలో ఇనుప మూత తీసి లోపలికి టేపు వదులుతున్నాడు, తాతయ్యా అక్కడ ఇంకా ఏముంది అని అడిగారు. పెద్దవాళ్ళైతే ఆ మూత తొక్కుకుంటూ పోతారు గానీ అడగరు.

బంక్‌లో పెట్రోల్ ఉండేది నేల కింద ట్యాంకుల్లో. పాత ఇనుప ట్యాంకులు తుప్పు పడతాయి, పైపుల జాయింట్లు వదులవుతాయి, రోజూ కాస్త కాస్త కారుతున్నా పైన నడిచేవాళ్ళకి ఏం తెలుస్తుంది? అమెరికాలో ఇదెంత పెద్ద గొడవైందంటే 1984లో ఇలాంటి ట్యాంకుల కోసం చట్టమే చేశారు. కారింది మట్టిలో దిగి దిగి భూగర్భ జలం దాకా పోయి, నీళ్ళకంటే తేలిక కాబట్టి పైన తేలుతుంది, కానీ అందులో ఉండే బెంజీన్ లాంటి విషపు రసాయనాలు కొంచెం కొంచెం నీళ్ళలో కరిగి ప్రయాణం మొదలెడతాయి.

ఆ ప్రయాణం తెలియాలంటే ఒక తడిగుడ్డని కాస్త వాలుగా పరిచి సిరాచుక్క వేయండి. చుక్క గుండ్రంగా ఉండదు, వాలు వైపు తోక సాగుతుంది, పోనుపోను పల్చబడుతుంది. ఇప్పుడు దాని మీద దుప్పటి కప్పేసి, మరక ఎక్కడిదాకా పోయిందో దుప్పటి తీయకుండా చెప్పమన్నారనుకోండి, ఏం చేస్తారు? పైనుంచి సూదులు గుచ్చి ఏ సూదికి నీలం అంటిందో చూస్తారు. మీరు చూసిన మూత కింద ఉన్నది అలాంటి సూదే, పీవీసీ పైపు, కింది భాగానికి సన్నటి చీలికలుంటాయి. గుడ్డ ఎటు వాలిందో తెలియాలంటే సూదులు కనీసం మూడుండాలి. ఒకటి చుక్కకి ఎగువన ఉండాలి, దానికీ నీలం అంటితే పైనుంచి ఇంకెవరి సిరానో వస్తోందన్నమాట. ఇంకోటి, ఉతికేసిన గుడ్డ తెల్లగా కనిపించినా నూలు పోగుల్లో సిరా దాక్కునే ఉంటుంది, మళ్ళీ తడిపితే బయటపడుతుంది. నీటిమట్టం ఎండల్లో దిగి వానల్లో ఎక్కినప్పుడు మట్టిలో ఇరుక్కున్న పెట్రోల్ అచ్చం అలాగే చేస్తుంది, అందుకే ఒకసారి బాగుందని రిపోర్టు వస్తే సరిపోదు, మూడేసి నెలలకోసారి ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటారు.

ఆ టేపు కొసన చిన్న యంత్రం ఉంటుంది, నీళ్ళు తగిలితే ఒక రకంగా, పెట్రోల్ తగిలితే ఇంకో రకంగా కూస్తుంది. నా చిన్నప్పుడు మాకివేం లేవు, బావిలో నీళ్ళు ఎంత లోతున్నాయో చూడమని నాయనమ్మ పంపితే తాడుకి రాయి కట్టి వదిలి, బుడుంగున చప్పుడు కాగానే తాడు పట్టుకుని పైకి లాగి మూరలు లెక్కపెట్టేవాణ్ణి. ఒక్కోసారి లెక్క కోసం కాకుండా ఆ చప్పుడు కోసమే వెళ్ళేవాణ్ణి, తాడంతా తడిపేసి తిట్లు తినేవాణ్ణి. సరే, అసలు సంగతికొస్తా.

కొలత అయ్యాక శాంపిల్. పైపులో నిలవ ఉన్న నీళ్ళు ముందు తోడి పారబోసి, కొత్తగా ఊరిన నీళ్ళు 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో మెల్లగా పోస్తారు, అంచు మీద నీళ్ళు ఉబ్బి నిలబడేదాకా. మూత బిగించి సీసా తలకిందులు చేసి వేలితో తడతారు. చిన్న గాలిబుడగ కనిపించినా ఆ సీసా పనికిరాదు, బెంజీన్ నీళ్ళు వదిలి ఆ బుడగలోకి దూరిపోతుంది మరి. తర్వాత ఐసులో పెట్టి ల్యాబ్‌కి పంపుతారు. ఇంత చాదస్తం ఎందుకంటే, అమెరికాలో తాగే నీళ్ళలో లీటరుకి 5 మైక్రోగ్రాముల బెంజీన్ దాటకూడదు (మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షలో వంతు). లీటరు పెట్రోల్లో 7 గ్రాములుందనుకుని లెక్కేయండి, దాదాపు 14 లక్షల లీటర్ల నీళ్ళని ఆ హద్దు దాకా తెస్తుంది! మీరు లెక్కేసి నాకు రాయండి, తప్పైతే చెవి మెలేస్తా. డబ్బాలో మిగిలిన పెట్రోల్ మట్టిలో ఒంపేసేవాళ్ళని చూస్తే నాకెందుకు ఒళ్ళు మండుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఒక్క చోట మాత్రం నా గుడ్డ పనికిరాదు. గుడ్డలో ఎవరూ ఉండరు, మట్టిలో ఉంటారు. కంటికి కనిపించని బాక్టీరియా ఈ బెంజీన్‌ని తింటాయి, ఎవరూ నేర్పలేదు, ఎవరూ తెచ్చి వదల్లేదు, ముందునుంచీ అక్కడే ఉన్నాయి. తింటూ తింటూ నీళ్ళలో ఆక్సిజన్ అంతా వాడేస్తాయి, అందుకే ఆక్సిజన్ తగ్గిందా అని కూడా చూస్తారు. అంత చీకట్లో అవి దాన్ని ఎలా విప్పుకుని తింటాయో చెప్పమంటే నావల్ల కాదు, తలుచుకుంటేనే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఈసారి వాన వెలిశాక మడుగు మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే పొడుగాటి పుల్లతో కదిపి చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి. రంగులు చెదిరి మళ్ళీ కలిసిపోతే అది నూనె. పెంకుల్లా విరిగి అలాగే ఉండిపోతే ఇనుముతో బతికే బాక్టీరియా కట్టిన పొర అయి ఉండొచ్చు. మీకేది దొరికిందో రాయండి.

మీ తాతయ్య