మతిమరుపుకి మొక్కల మందులు: అపోహలు – వాస్తవాలు

విశాఖ మహారాణిపేటలో ఫార్మసిస్ట్‌గా పనిచేస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లకి మతిమరుపు మొదలైతే చాలామంది డాక్టరు దగ్గరికంటే ముందు మా కౌంటర్‌కే వస్తారు, ఫోన్లో చూసిన ఏదో ఒక మొక్క పేరు పట్టుకొని. ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: ఆకులు, వేర్లు అంటే ఇంగ్లీషు డాక్టర్లకి నమ్మకం లేదు.

వాస్తవం: ముదిరే మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌కి వాళ్లు రాసే గాలంటమిన్ అనే మందు స్నోడ్రాప్ జాతి పూలమొక్కల్లోంచి వచ్చిందే. అమెరికాలో 2001లో అనుమతి పొందింది. అదే జబ్బుకి రాసే ఇంకో మందు రివాస్టిగ్మిన్‌కి మూలం ఆఫ్రికాలోని కాలబార్ చిక్కుడు గింజలో ఉండే విషపదార్థం. జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం మెదడులో తొందరగా విరిగిపోకుండా ఈ రెండూ ఆపుతాయి. కొందరికి కొంతకాలం పరిస్థితి నిలకడగా ఉంటుంది. అంతేగానీ, జబ్బు ఆగదు.

అపోహ: మొక్కల మందుకి సైడ్ ఎఫెక్టులుండవు.

వాస్తవం: ఖాళీ స్థలాల్లో దానంతట అదే మొలిచే ఉమ్మెత్తలో స్కోపొలమిన్ ఉంటుంది. అది అదే ఎసిటైల్‌కొలీన్ పనిని అడ్డుకుంటుంది. తిన్న మనిషికి మతి చెదిరిపోతుంది. మెదడు మీద పనిచేసే శక్తి ఉన్నదేదైనా చెరుపు కూడా చేయగలదు.

ఈమధ్య ఒకావిడ మామగారి మందుల కవరు తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. గుండెకి స్టెంట్ వేసిన మనిషి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. వాటి పక్కనే ‘మెమరీ’ క్యాప్సూళ్ల డబ్బా. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో జింకో బైలోబా (ఒక చెట్టు ఆకు సారం) 120 మిల్లీగ్రాములు అని ఉంది. ‘డాక్టరుగారికి చూపించారా అమ్మా?’ అంటే, ‘ఇది మందు కాదు కదండీ, ఆకు’ అన్నారు. రక్తం పలచబడే మందులతో జింకో కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరగొచ్చు. పోనీ ఫలితమైనా ఉందా? అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మందిలో కొందరికి రోజుకి 240 మిల్లీగ్రాముల జింకో, మిగతావాళ్లకి మందులేని మాత్రలు ఇచ్చి సుమారు ఆరేళ్లు గమనించారు. 2008లో ఫలితాలొచ్చాయి. డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి జబ్బులతో మతి, తెలివి క్షీణించడం) రావడంలో తేడా ఏమీ కనబడలేదు.

అపోహ: ఫలానా మొక్క పనిచేస్తుందని పరిశోధనలో తేలిపోయింది.

వాస్తవం: ఎవరి మీద తేలింది? ఇది తప్పకుండా అడగండి. ఫార్మసీ కాలేజీ ల్యాబుల్లో ఎలుకకి స్కోపొలమిన్ ఇచ్చి మతిమరుపు తెప్పిస్తారు. ఆ తర్వాత ఏదో ఒక ఆకు సారం ఇచ్చి, దారి గుర్తుపడుతుందో లేదో చూస్తారు. పరిశోధనకి మొదటి మెట్టుగా అది మంచి పద్ధతే. కానీ ఆ ఎలుకకి వచ్చింది కొన్ని గంటల మతిమరుపు. అల్జీమర్స్‌లో ఏళ్ల తరబడి మెదడు కణాలే చచ్చిపోతాయి. ఆ ఎలుక ఫలితాన్ని పట్టుకొని సీసా మీద ‘పరిశోధనలో రుజువైంది’ అని అచ్చువేసి అమ్ముతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. కొనేవాళ్లు భయంతో కొంటారు.

అపోహ: మనం పసుపు తింటాం కాబట్టి మనకి ఆ జబ్బు రాదు.

వాస్తవం: 2023లో వచ్చిన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. వాళ్లంతా పసుపు తిన్నవాళ్లే. పసుపులో మందుగా పనిచేస్తుందని చెప్పే పదార్థం కర్కుమిన్, అది సుమారు 3 శాతం. మన పాడేరు పసుపులో కాస్త ఎక్కువే ఉందనుకున్నా, అల్జీమర్స్ రోగులకి రోజుకి 2 నుంచి 4 గ్రాముల కర్కుమిన్ ఇచ్చిన ఒక చిన్న ట్రయల్‌లోనే ఫలితం రాలేదు. 2 గ్రాములంటే ఇరవై చెంచాల పైచిలుకు పసుపు! కర్కుమిన్ రక్తంలోకి సరిగా ఎక్కదు. మిరియాల్లోని పైపెరిన్ కలిపితే ఎక్కుతుందన్న మాట నిజమే, కానీ అది ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ లాంటి మందుల మోతాదునీ రక్తంలో పెంచుతుంది. కూరలో పసుపు, చారులో మిరియాలు నిశ్చింతగా వేసుకోండి. క్యాప్సూళ్లయితే అడిగి వాడండి.

అపోహ: బ్రాహ్మి, సరస్వతి ఆకు ఒకటే.

వాస్తవం: సరస్వతి ఆకు వేరే మొక్క. ట్రయల్స్‌లో ఎక్కువగా వాడిన బ్రాహ్మి నీటి చెమ్మలో పెరిగే బకోపా. మూడు నెలలు వాడిన ఆరోగ్యవంతుల్లో గుర్తుంచుకునే శక్తి కాస్త మెరుగైనట్టు చిన్న ట్రయల్స్‌లో కనిపించింది. డిమెన్షియాని ఆపుతుందనడానికి ఆధారం లేదు. కొందరికి వికారం, విరేచనాలు అవుతాయి.

అపోహ: ఈ వయసులో మతిమరుపు మామూలే, టెస్టులెందుకు?

వాస్తవం: బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, డిప్రెషన్ వల్ల వచ్చే మతిమరుపు చికిత్సతో చాలావరకు తగ్గొచ్చు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో బి12 పడిపోవడం తరచూ చూస్తాం. దురదకి, నిద్రకి వాడే పాత రకం అలర్జీ మాత్రలు కూడా ఉమ్మెత్తలాగే ఎసిటైల్‌కొలీన్‌ని అడ్డుకుంటాయి. ఆరు నెలలు ఆకు రసం తాగి చూద్దామంటే, ఆ ఆరు నెలలూ అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో న్యూరాలజీకి (నరాల విభాగానికి) వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా, ఇంట్లో ఉన్న మాత్రలు, చూర్ణాలు, సీసాలు అన్నీ సంచీలో వేసుకెళ్లండి. మతిమరుపు ఉన్న పెద్దాయనతో రోజూ ఉండే మనిషే పక్కన ఉండాలి, ఎందుకంటే డాక్టరు అడిగితే ఆయన ‘నాకేం లేదండీ’ అంటారు.