ఆలస్యమే అమృతం

తొమ్మిదో తరగతి సైన్సులో ప్రతిధ్వని పాఠం గుర్తుందా? మన కేక మనకే విడిగా తిరిగి వినపడాలంటే ఎదురుగా ఉన్న గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలని ఒక లెక్క ఉండేది. విన్న శబ్దం సెకనులో పదో వంతు సేపు మన లోపల నిలిచే ఉంటుంది. ఆ లోపు తిరిగొచ్చిన శబ్దం మొదటిదాంట్లోనే కలిసిపోతుంది. గాలిలో శబ్దం సెకనుకు 344 మీటర్లు పోతుంది కాబట్టి పదో వంతులో 34 మీటర్లు, రానూ పోనూ కనుక అందులో సగం 17. రెండు మార్కుల ప్రశ్న. గిటార్ శబ్దాన్ని కాసేపు ఆపి ప్రతిధ్వనిలా తిరిగి వినిపించే, కాలితో నొక్కే పెట్టె, డిలే పెడల్ కొనుక్కున్నాక గానీ ఆ రెండు మార్కుల విలువ నాకు తెలియలేదు. పెడల్ మీద ‘టైమ్’ అని రాసి ఉన్న నాబ్‌ని 100 మిల్లీసెకన్ల దగ్గర పెట్టడమంటే 17 మీటర్ల అవతల ఓ గోడ కట్టుకోవడమే. 500 దగ్గర పెడితే ఆ గోడ 86 మీటర్ల దూరానికి జరుగుతుంది. బెడ్‌రూమ్‌లో కూర్చునే.

నిజానికి చెవి పాఠంలో చెప్పినంత మొద్దుది కాదు. గిటార్ తీగ మీటినప్పుడు వచ్చే ‘టక్’ చాలా పదునైన శబ్దం కాబట్టి 50 మిల్లీసెకన్ల తేడాకే రెండు దెబ్బలు విడివిడిగా తెలిసిపోతాయి. 30 కంటే తగ్గిస్తే మాత్రం ప్రతిధ్వనిలా ఉండదు, ఇద్దరు కలిసి వాయిస్తున్నట్టు శబ్దం లావెక్కుతుంది.

టైమ్ నాబ్ పక్కన సాధారణంగా ఇంకో రెండు ఉంటాయి. ఒకటి ప్రతిధ్వని ఎన్నిసార్లు రావాలో చెబుతుంది. దాన్ని కొన్ని కంపెనీలు ఫీడ్‌బ్యాక్ అంటాయి, కొన్ని రిపీట్స్ అంటాయి. బయటికొచ్చిన ప్రతిధ్వనిలో కొంత భాగాన్ని తీసి మళ్లీ లోపలికే పంపడం దాని పని. పంపింది పోయినదానికంటే ఎక్కువైతే ప్రతిధ్వని తగ్గే బదులు పెరిగి పెరిగి ఊళపెడుతుంది. రెండోది మిక్స్, అంటే అసలు శబ్దంలో ప్రతిధ్వని పాలు ఎంత అన్నది. ఇంతకు మించి డిలే పెడల్‌లో వాయించేవాడు నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. కొనేటప్పుడూ, పాడైనప్పుడూ మాత్రం ఇంకో ప్రశ్న అడగాలి. ఆ అర సెకను సేపు శబ్దాన్ని ఇది ఎక్కడ దాచిపెడుతోంది?

మొదట్లో టేపు మీద దాచారు. 1950లలో అమెరికాలోని మెంఫిస్‌లో, 706 యూనియన్ అవెన్యూలో ఉన్న చిన్న సన్ స్టూడియోలో దాని యజమాని శామ్ ఫిలిప్స్ ఈ పద్ధతిని బాగా వాడాడు. టేప్ రికార్డర్‌లో రికార్డు చేసే హెడ్ ఒకచోట, చదివే హెడ్ కాస్త పక్కన ఉంటాయి. ఇక్కడ రాసిన శబ్దం అక్కడికి చేరేసరికి కొంచెం ఆలస్యమవుతుంది. హెడ్ల మధ్య దూరం రెండు అంగుళాలు, టేపు వేగం సెకనుకు 15 అంగుళాలు అనుకుంటే ఆలస్యం 133 మిల్లీసెకన్లు. దాన్ని అసలు శబ్దానికి కలిపితే ‘టక్-టక్’ అని వెంటనే ఒక్కసారి తిరిగొచ్చే స్లాప్‌బ్యాక్ వస్తుంది. ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డుల్లో వినపడేది అదే. 1959 ప్రాంతంలో మైక్ బాటిల్ రూపొందించిన ఎకోప్లెక్స్‌తో ఈ ఏర్పాటు మోసుకెళ్లగలిగే పెట్టెలోకి వచ్చింది. 1974లో రోలాండ్ కంపెనీ ఆర్‌ఈ-201 స్పేస్ ఎకో తెచ్చింది. టేపు అరుగుతుంది, సాగుతుంది, వేగం అటూ ఇటూ అవుతుంది కాబట్టి ప్రతిధ్వని శ్రుతి కొంచెం ఊగుతుంది. విచిత్రం ఏమిటంటే, ఆ ఊగుడే జనానికి నచ్చింది. ఇప్పుడు వేలు పోసి కొనే డిజిటల్ పెడల్స్‌లో అరిగిన టేపు జబ్బును అనుకరించడానికి ప్రత్యేకంగా ఓ నాబ్ పెడుతున్నారు.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది రెండో పద్ధతి. 1969లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ కంపెనీ పరిశోధనశాలలో శాంగ్‌స్టర్, టేర్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. పల్లెలో గడ్డివాము అంటుకుంటే ఏం చేస్తారు? బావి దగ్గర నుంచి వాము దాకా మనుషులు వరుసగా నిలబడి బిందెలు చేతులు మారుస్తారు. ఈ చిప్‌లో జరిగేదీ అదే, పేరు కూడా బకెట్ బ్రిగేడ్. లోపల విద్యుదావేశాన్ని కాసేపు నిలిపే బుల్లి కెపాసిటర్లు వేల కొద్దీ వరుసగా ఉంటాయి. గిటార్ సిగ్నల్ ఈ క్షణాన ఎంత ఉందో అంత విద్యుదావేశం మొదటిదాంట్లో పోస్తారు. క్లాక్ ఒకసారి టిక్కుమంటే అది పక్క దానికి మారుతుంది. చివరి బకెట్ దగ్గరికి వచ్చేసరికి ఎంతసేపు పట్టిందో అదే మన ఆలస్యం. మత్సుషిటా కంపెనీ చేసిన ఎంఎన్3005 చిప్‌లో ఇలాంటి బకెట్లు 4096. క్లాక్‌ను సెకనుకు పదివేల చుట్ల దాకా, అంటే చుట్టుకు రెండు చొప్పున ఇరవైవేల టిక్కుల దాకా నెమ్మదింపజేస్తే గరిష్ఠంగా 205 మిల్లీసెకన్ల ఆలస్యం వచ్చేది. ఎలక్ట్రో-హార్మోనిక్స్ మెమరీ మ్యాన్, బాస్ డీఎం-2 లాంటి పాత పెడల్స్‌లో గుండెకాయ ఇలాంటి చిప్పే.

చేతులు మారేటప్పుడు బిందెలోంచి నీళ్లు తొణుకుతాయి కదా, ఇక్కడా అంతే. పైగా క్లాక్ నెమ్మదించిన కొద్దీ సెకనుకు వెళ్లే బిందెలు తగ్గుతాయి, అంటే శబ్దంలోని సన్నటి వివరాలు మోయడానికి బిందెలు చాలవు. క్లాక్ చప్పుడు బయటికి వినపడకుండా, వివరాలు కలగాపులగం కాకుండా, పైస్థాయి ధ్వనులను ఫిల్టర్‌తో ముందే కోసేస్తారు. అందుకే అనలాగ్ డిలే అనే ఈ బకెట్ రకం ప్రతిధ్వని కాస్త మసకగా ఉంటుంది, తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం మసకబారుతుంది. చాలామంది ‘వార్మ్ టోన్’, అంటే వెచ్చటి ధ్వని అని మురిసిపోయేది ఈ లోపాన్నే. నేనూ మురిసిపోతాను. మసకగా ఉన్నది వెనక్కి తగ్గి కూర్చుంటుంది కాబట్టి ముందు వాయిస్తున్న స్వరానికి అడ్డురాదు.

మూడోది డిజిటల్. సిగ్నల్‌ను అంకెలుగా మార్చి మెమరీలో పెట్టి, కావలసినప్పుడు తీయడం. 1983 చివర్లో వచ్చిన బాస్ డీడీ-2 ఈ పనిని కాలి కింద పట్టేంత చిన్న పెడల్‌లోకి తెచ్చింది, 800 మిల్లీసెకన్ల దాకా. అంకెలు చేతులు మారినా తొణకవు కాబట్టి పదో ప్రతిధ్వని కూడా మొదటిదంత స్పష్టంగా ఉండొచ్చు.

ఈ రెంటి మధ్యలో ఒక గడుసు చిప్ ఉంది, పేరు పీటీ2399, తైవాన్‌ది. మొదట్లో కారియోకే ప్లేయర్లలో ఎకో కోసం వాడేవారు. ఇది పని చేసేది డిజిటల్‌గానే, కానీ మెమరీ తక్కువ కాబట్టి ఆలస్యం పెంచిన కొద్దీ గరగరమంటూ మసకబారుతుంది. చవక పెడల్స్‌లో చాలావాటి మీద ‘అనలాగ్ డిలే’ అని రాసి ఉంటుంది, మూత తీస్తే లోపల ఉండేది ఇదే. మోసమని నేననను, వినడానికి బాగుంటే చాలు. అనలాగ్ అన్న మాటకు ఎక్కువ డబ్బు మాత్రం పెట్టకండి.

ఇక ఏది కొనాలి? మీరు వాయించేదాన్ని బట్టి. పాత రాకెన్‌రోల్, కంట్రీ తరహా స్లాప్‌బ్యాక్ కోసమైతే 300 మిల్లీసెకన్ల చవక పెడల్ ధారాళంగా చాలు. సోలోల వెనక కాస్త నిండుదనం కావాలంటే మసక ప్రతిధ్వని ఇచ్చే అనలాగ్ మంచిది. చర్చి బ్యాండుల్లో ఆరాధన పాటలకు వాయించే కుర్రాళ్లకు మాత్రం నేను మొహమాటం లేకుండా డిజిటలే చెబుతాను, అందులోనూ ట్యాప్ టెంపో ఉన్నది. ఆ శైలి యూటూ బ్యాండు గిటారిస్టు ఎడ్జ్ దగ్గర నుంచి వచ్చింది, దాని ప్రాణమంతా లెక్కలో ఉంది. 60,000ని పాట టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 టెంపోకి 500. దాంట్లో ముప్పావు వంతు, 375 దగ్గర డిలే పెట్టి అర బీట్‌కి ఒక స్వరం చొప్పున వాయించండి. మీ స్వరాలు 0, 250, 500 దగ్గర పడతాయి. ప్రతిధ్వనులు 375, 625, 875 దగ్గర, అంటే సరిగ్గా రెండు స్వరాల నడిమధ్యన పడతాయి. చేయి అర బీట్‌కి ఆడుతుంటే వినేవాళ్లకు పావు బీట్ల ప్రవాహం వినపడుతుంది. డ్రమ్మర్ టెంపో కొంచెం జరిగినా ఇదంతా చెదిరిపోతుంది కాబట్టే కాలితో తట్టి టెంపో చెప్పే బటన్ ఉండాలి.

కొనేముందు ఇంకో సంగతి చూసుకోండి. పెడల్ ఆపగానే ప్రతిధ్వని టక్కున తెగిపోతుందా, నెమ్మదిగా ఆరిపోతుందా? ట్రూ బైపాస్ రకాలు, అంటే ఆపగానే సిగ్నల్‌ను సర్క్యూట్ తాకకుండా నేరుగా బయటికి పంపేవి, సాధారణంగా తెగ్గొడతాయి. ఆరిపోవాలంటే సిగ్నల్ ఎప్పుడూ లోపలి సర్క్యూట్ గుండా పోతూ ఉండాలి. ట్రూ బైపాస్ గొప్పదని దుకాణంలో చెబుతారు గానీ, డిలే విషయంలో అది అంత గొప్పేం కాదు.

రిపేరు సంగతికి వస్తే, ముందు అడగాల్సింది ఒక్కటే. తేడా అసలు శబ్దంలో ఉందా, ప్రతిధ్వనిలో ఉందా? పెడల్‌లో సిగ్నల్ రెండు దారులు పడుతుంది. ఒకటి నేరుగా బయటికి, రెండోది బకెట్లలోకో మెమరీలోకో. అసలు శబ్దం శుభ్రంగా ఉండి ప్రతిధ్వని మాత్రమే పగిలినట్టు వస్తుంటే జబ్బు రెండో దారిలో ఉంది. పాత అనలాగ్ పెడల్ అయితే లోపలి బయాస్ ట్రిమ్‌పాట్, అంటే చిప్‌కి అందే వోల్టేజీని సరిచేసే బుల్లి స్క్రూ, జరిగి ఉండొచ్చు. దాన్ని స్క్రూడ్రైవర్‌తో తిప్పేముందు ఇప్పుడున్న చోట స్కెచ్ పెన్‌తో గీత పెట్టుకోండి. పెడల్ ఆపినా గరగర వస్తుంటే లోపల వెతకొద్దు. కేబుల్, జాక్, స్విచ్ చూడండి. పెడల్స్‌ని కలిపే పొట్టి ప్యాచ్ కేబుల్‌ని వేళ్లతో కొంచెం ఊపితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

‘గుమ్‌’మని హోరు వస్తుంటే ఆరో తీగ మూడో ఫ్రెట్ నొక్కి వాయించి పోల్చండి. అది 98 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. హోరు ఆ స్వరానికి దగ్గరగా పలికితే దోషం పెడల్‌ది కాదు, కరెంటుది. ఎర్త్ సరిగ్గా లేకపోవడమో, రెండు చోట్ల నుంచి ఎర్త్ తీసుకోవడమో అయ్యుంటుంది. తీగలు ముట్టుకుంటే చురుక్కుమంటే మాత్రం వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, పాడే మైకు దగ్గర పెదవి పెట్టొద్దు. సన్నగా ‘కీ’మని కూత వస్తుంటే అది వేరు. డిజిటల్ పెడల్ క్లాక్ చప్పుడు, ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా కరెంటు తీసుకుంటున్న మిగతా పెడల్స్‌లోకి జారుతోందన్నమాట. డిలేకి విడిగా అడాప్టర్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

అడాప్టర్ అంటే నాకు వాసన గుర్తొస్తుంది. ఓ ఆదివారం రిహార్సల్‌కి పెడల్ అడాప్టర్ దొరక్క, ఇంట్లో ఇంటర్నెట్ రౌటర్‌ది పీకి పెట్టాను. 9 వోల్టులే, పిన్ను కూడా చక్కగా దిగింది. రెండు సెకన్లలో కాలిన వాసన. గిటార్ పెడల్స్‌లో చాలావాటికి పిన్ను మధ్యలో మైనస్, చుట్టూ ప్లస్ ఉంటుంది. రౌటర్లకు సాధారణంగా దానికి తలకిందులు. అడాప్టర్ మీద ఒక చుక్క, దాని చుట్టూ తెరిచి ఉన్న ఉంగరం, వాటికి గీతలతో కలిపిన ప్లస్, మైనస్ గుర్తులు ముద్రించి ఉంటాయి. ఆ బొమ్మను అప్పటిదాకా నేను డిజైన్ అనుకున్నాను. అదృష్టం ఏమిటంటే ఇలాంటివారి కోసమే పెడల్‌లో 1ఎన్4001 అనే ఓ డయోడ్ పెడతారు. కరెంటు తిరగబడితే ముందు అది చస్తుంది, మిగతావాటిని కాపాడుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న కొత్త డయోడ్ ఆటో ఖర్చులో వందో వంతు కూడా కాలేదు. మిల్లీఆంపియర్ల విషయంలో అంత భయం అక్కర్లేదు. అడాప్టర్ ఎక్కువ ఇవ్వగలిగినా పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే చిక్కు. డిజిటల్ డిలేలు కొన్ని 300 మిల్లీఆంపియర్ల దాకా అడుగుతాయి. అవి అందకపోతే లైటు వెలుగుతుంది, శబ్దం తిక్కతిక్కగా వస్తుంది, మధ్యలో రీస్టార్ట్ అవుతుంది. పెడల్ చచ్చిపోయిందని అమ్మేసినవాళ్లను చూశాను.

ఏ రిపేరుకీ అందని ఫిర్యాదు ఒకటి పోయినేడు వచ్చింది. రాత్రి పదింటికి మా బ్యాండు తమ్ముడు ఫోను, “అన్నా, నేను మీటాక అర సెకనుకి శబ్దం వస్తోంది. రేపు షో ఉంది, టెన్షన్‌గా ఉంది.” ప్రతిధ్వని వస్తోందా అంటే వస్తోందన్నాడు, అదొక్కటే వస్తోందన్నాడు. అసలు శబ్దమే రావట్లేదు. కొన్ని పెడల్స్‌లో ‘కిల్ డ్రై’ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. స్టూడియోల్లో, కొన్ని ఆంప్‌లలో పెడల్స్ తగిలించడానికి ఉండే ఎఫెక్ట్స్ లూప్‌లో అసలు శబ్దం వేరే దారిన వస్తుంది కాబట్టి పెడల్ నుంచి ప్రతిధ్వని ఒక్కటే చాలు, అందుకోసం. వీడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, పాత యజమాని దాన్ని అలాగే వదిలేశాడు. వెనకవైపు కనపడీ కనపడని బుల్లి స్విచ్. గోటితో ఇవతలికి జరపమన్నాను. ఫోన్లోనే వినపడింది, మీటిన వెంటనే ఒకటి, అర సెకను తర్వాత ఇంకొకటి.