మెకాంగ్ నడుమ నాలుగు వేల లంకలు: ట్రిప్ ప్లాన్ చేసేవాళ్ల అపోహలు, నేను చూసిన వాస్తవాలు

తిరుపతిలో పెరిగినవాళ్లకు నది అంటే స్వర్ణముఖి. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుకే కనిపిస్తుంది. అందుకేనేమో, మెకాంగ్ ఫోటో చూపించి "ఈ నది నడుమ లంకలో నాలుగు రోజులు ఉండి రావచ్చు" అంటే మా ఆఫీసుకు వచ్చినవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. ఆ వెంటనే సందేహాలు మొదలవుతాయి. పదకొండేళ్లుగా ఎం.ఆర్.పల్లిలో కూర్చుని ట్రిప్పులు ప్లాన్ చేసి ఇస్తున్నాను. లావోస్ దక్షిణపు కొసన, కంబోడియా సరిహద్దును ఆనుకుని ఉన్న సీ ఫన్ దోన్‌కు నేను మూడుసార్లు వెళ్లి వచ్చాను. లావో భాషలో సీ అంటే నాలుగు, ఫన్ అంటే వేయి, దోన్ అంటే లంక. ఈ లంకల గురించి నేను మళ్లీ మళ్లీ వినే మాటలు, వాటికి చెప్పే జవాబులు ఇవి.

అపోహ: "విదేశంలో దీవులంటే లక్షల్లో పని"

దీవి అనగానే అందరికీ మాల్దీవులు గుర్తొస్తాయి. సీ ఫన్ దోన్‌లో సముద్రం లేదు, నీటి మీద కట్టిన అద్దాల గదులు లేవు. కోనసీమలో గోదావరి లంకలు చూసినవాళ్లు ఈ ఊళ్లను సులువుగా ఊహించుకోగలరు. వరి మళ్లు, కొబ్బరి చెట్లు, గేదెలు, గట్టు మీద స్తంభాలపై నిలబెట్టిన చెక్క ఇళ్లు. అద్దెకిచ్చే గదులు కూడా చాలావరకు అలాంటివే. ముందు చిన్న వరండా, దానికి కట్టిన వల ఉయ్యాల, ఎదురుగా నది.

ఫ్యాన్ గది రోజుకు 600 నుంచి 1,000 రూపాయల్లో దొరుకుతుంది. ఏసీ కావాలంటే ఇంకొంచెం పెట్టాలి. తిండికి మనిషికి రోజుకు 700 పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. అద్దె సైకిలుకు వంద లోపే. అక్కడి డబ్బు కిప్. మన రూపాయికి సుమారు 240 కిప్‌లు వస్తాయి కాబట్టి బిల్లు మీద లక్షల అంకె చూసి టెన్షన్ పడొద్దు. నేను వేసిచ్చే బడ్జెట్‌లో సగానికి దగ్గరగా విమానం టికెట్టే ఉంటుంది. లంకకు చేరాక ఖర్చు చాలా తక్కువ.

అపోహ: "అంత దూరం పోతున్నప్పుడు ఇంకో నాలుగు ఊళ్లు కవర్ చేయాలి"

నా దగ్గర ట్రిప్పులు చెడిపోయింది ఎక్కువగా ఈ ఒక్క ఆలోచన వల్లే. ఇది మనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఊరికి వచ్చే యాత్రికులు రెండు రోజుల్లో తిరుమల, తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం అన్నీ చూసి రైలెక్కుతారు. చిన్నప్పటి నుంచి మనం చూసిన ప్రయాణం అదే.

కొన్నేళ్ల కింద చిత్తూరు నుంచి రిటైరైన టీచర్ దంపతులు వచ్చారు. "మేడమ్, అంత దూరం పోతా ఉండాము కదా, ఇంకో రెండు ఊర్లు కలపండి" అన్నారు సార్. నేను కలిపాను. బ్యాంకాక్, వియంటియాన్, లువాంగ్ ప్రబాంగ్, ఈ లంకలు, అక్కడి నుంచి సియెమ్ రీప్. తొమ్మిది రోజుల్లో ఐదు ఊళ్లు. తిరిగొచ్చాక ఆమె నా ఎదురుగా కూర్చుని, "ఆ లంకలో ఒక్క రాత్రి ఉన్నామమ్మా. పొద్దున లేచి నది చూస్తా కూర్చుంటే వ్యాన్ వచ్చేసిందన్నారు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. వద్దని చెప్పాల్సింది నేనే. అప్పటి నుంచి లంకలో నాలుగు రాత్రులకు తగ్గితే ఆ ప్లాన్ నేను చేయను.

ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది, ఒక వ్యాన్ ఖర్చు, ఒక పడవ ఖర్చు, తొందరలో తిన్న ఒక పూట ఖరీదైన భోజనం కలుస్తాయి. నేనిచ్చే పది రోజుల ప్లాన్ ఇలా ఉంటుంది. చెన్నై నుంచి బ్యాంకాక్ విమానం, అక్కడ ఒక పగలు విశ్రాంతి. రాత్రి స్లీపర్ రైలెక్కితే తెల్లవారేసరికి ఉబోన్ రచ్చతాని. అక్కడి నుంచి చోంగ్ మెక్ దగ్గర థాయ్‌లాండ్ సరిహద్దు దాటితే లావోస్‌లోని పాక్సే, ఆ రాత్రి అక్కడే. మర్నాడు వ్యాన్‌లో మూడు గంటలు దక్షిణంగా వెళ్తే నాకసాంగ్ రేవు, పడవలో ఓ పావుగంట. ఆ తర్వాత నాలుగు రాత్రులు ఎక్కడికీ కదలకూడదు. మిగిలిన రోజులు తిరుగు ప్రయాణానికి.

"నాలుగు రోజులు ఏం చేస్తాం?" అనేది తర్వాతి ప్రశ్న. పొద్దున ఎండ ఎక్కకముందే సైకిల్ మీద దోన్ ఖోన్, దోన్ దెత్ లంకలు తిరగండి. ఆ రెంటినీ కలిపే వంతెన ఫ్రెంచివాళ్లు కట్టిన రైలు వంతెన. మెకాంగ్ మీదుగా చైనా దాకా పడవలు నడపాలని వాళ్లు ఆశపడ్డారు, కానీ ఇక్కడి ఖోన్ జలపాతాలు అడ్డం పడ్డాయి. పడవలను, సరుకును జలపాతం దాటించడానికి 1893లో దోన్ ఖోన్ మీద చిన్న రైలు మార్గం వేశారు, తర్వాత వంతెన కట్టి దోన్ దెత్ దాకా పొడిగించారు. మొత్తం ఏడు కిలోమీటర్లే. 1940ల్లో అది ఆగిపోయింది. 2009లో థాయ్‌లాండ్ వైపు నుంచి రైలు వచ్చేదాకా లావోస్ దేశం మొత్తానికి నడిచిన రైలు అదొక్కటే. పట్టాలు తీసేసిన ఆ దారిలోనే ఇప్పుడు మనం సైకిల్ తొక్కుతాం. తుప్పు పట్టిన ఇంజన్ ఒకటి దోన్ ఖోన్‌లో ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం ఉయ్యాలలో నిద్ర, సాయంత్రం గట్టు మీద కూర్చోవడం. ఇక చేయడానికేమీ లేకపోతేనే ప్లాన్ బాగా కుదిరినట్టు.

ఏ లంకలో ఉండాలో కూడా ఆలోచించుకోవాలి. కుర్రాళ్లకు దోన్ దెత్ నచ్చుతుంది. రాత్రిళ్లు సందడి ఉంటుంది, గదులు చవక. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లను నేను దోన్ ఖోన్‌కే పంపుతాను. దోన్ ఖోంగ్ అన్నిటికన్నా పెద్దది. ప్రధాన భూభాగం నుంచి రోడ్డు వంతెన ఉంది కాబట్టి పడవ ఎక్కలేనివాళ్లకు అదే మేలు. ఒక చిన్న జాగ్రత్త: "సూర్యాస్తమయం కనిపించే గది" అని ఆశపడి పడమటి వైపు ఫ్యాన్ గది తీసుకుంటే మధ్యాహ్నం నుంచి గోడలు కాగిపోతాయి. ఎండాకాలంలో తూర్పు వైపే తీసుకోండి, అస్తమయానికి నాలుగడుగులు నడిస్తే సరిపోతుంది.

అపోహ: "టికెట్ చవగ్గా దొరికితే ట్రిప్ చవకైనట్టే"

రేణిగుంట నుంచి నేరుగా విదేశీ విమానం లేదు కాబట్టి చెన్నైకి కారో బస్సో ముందే లెక్కలో వేసుకోండి. బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి. ఉబోన్ రైలు బయల్దేరే క్రుంగ్ థెప్ అపివత్ స్టేషన్‌కు డాన్ మువాంగ్ విమానాశ్రయం నుంచి నేరుగా రెడ్ లైన్ రైలు ఉంది. టికెట్ వెయ్యి రూపాయలు తక్కువని అర్ధరాత్రి సువర్ణభూమిలో దిగితే టాక్సీకి అంతకంటే ఎక్కువ పెట్టాల్సి రావచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఈ దారిలో మీరు థాయ్‌లాండ్‌లోకి రెండుసార్లు అడుగుపెడతారు, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఆనాటికి భారతీయులకు ఉన్న వీసా నిబంధన రెండు ప్రవేశాలకూ సరిపోతుందో లేదో టికెట్ కొనకముందే చూసుకోవాలి. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్‌కు చేరే ముందు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపడం తప్పనిసరి. అది ఉచితం, ఎవరికీ డబ్బు కట్టొద్దు. రెండు ప్రవేశాలకూ విడివిడిగా నింపాలి. లావోస్‌కు ఈ-వీసా ఉంది, కానీ అది అన్ని సరిహద్దు ద్వారాల్లోనూ చెల్లదు. మీరు దాటబోయే ద్వారం పేరు జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే అప్లై చేయండి. లేకపోతే సరిహద్దులోనే వీసా తీసుకోవచ్చు. దానికి చిరుగులు, మరకలు లేని డాలర్ నోట్లు, పాస్‌పోర్టు ఫోటోలు, ఆరు నెలలకు పైగా గడువున్న పాస్‌పోర్టు ఉండాలి.

అపోహ: "అక్కడ డాల్ఫిన్లు గ్యారంటీగా కనిపిస్తాయి"

పాత ఫోటోలు, పాత వీడియోలు చూసి పిల్లలతో వచ్చే తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. వాళ్లకు ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. సీ ఫన్ దోన్ దిగువన లావోస్, కంబోడియా సరిహద్దులోని మడుగులో ఇరావడీ డాల్ఫిన్లు ఉండేవి. ఆ గుంపులో చివరిది 2022 ఫిబ్రవరిలో చనిపోయింది, చేపల వలలో చిక్కుకుని. ఇప్పుడు ఆ మడుగులో ఒక్కటీ లేదు. ఎవరైనా డాల్ఫిన్ పడవ ప్రయాణమని డబ్బు అడిగితే కట్టకండి.

దిగువన కంబోడియాలో క్రాతియే వైపు మెకాంగ్‌లో అవి ఇంకా ఉన్నాయి, కానీ దాని కోసం ఇంకో దేశం, ఇంకో వీసా. పిల్లలకు ఆ డాల్ఫిన్లే చూపించాలని ఉంటే నేను చిలికా సరస్సు పేరు చెప్తాను. ఒడిశాలోని ఆ సరస్సులో ఉన్నది ఇదే జాతి. తిరుపతి నుంచి పూరీకి రైలు ఉండనే ఉంది.

అపోహ: "నది ప్రశాంతంగా ఉంది, దిగి ఈదొచ్చు"

దయచేసి ఈ ఒక్కటి శ్రద్ధగా చదవండి. మనలో చాలామంది ఈత నేర్చుకున్నది బావుల్లో, చెరువుల్లో. నిలిచిన నీటికీ మెకాంగ్‌కూ పోలిక లేదు. లంకల మధ్య నీళ్లు అద్దంలా కనిపించినా అడుగున లాగుతూనే ఉంటాయి. ఆ నీళ్లన్నీ కిందికి వెళ్లి పడేది ఖోన్ జలపాతాల్లోనే. ఎడమ నుంచి కుడికి కొలిస్తే పది కిలోమీటర్లకు పైగా పరుచుకున్న జలపాతాలవి, వెడల్పులో ప్రపంచంలోనే పెద్దవి. దోన్ ఖోన్ పక్కనున్న లీ ఫీ జలపాతం దగ్గర బండల మీద నుంచి సెల్ఫీ కోసం వంగొద్దు. ఆ పేరుకు అర్థం ప్రేతాత్మలను పట్టే బోను అని. అక్కడివాళ్లు ఆ నీళ్లలోకి దిగరు.

స్నానం చేయాలనిపిస్తే మీరు దిగిన ఇంటివాళ్లను అడిగి, వాళ్ల పిల్లలు దిగే చోటే, నడుము లోతు దాటకుండా దిగండి. పడవలో లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. పిల్లల కొలతకు సరిపోయేవి అన్ని పడవల్లోనూ ఉండవు కాబట్టి చిన్నపిల్లలున్నవాళ్లు ఇక్కడే కొని తీసుకెళ్లడం మంచిది.

అపోహ: "వెజిటేరియన్లు పస్తులుండాలి"

పస్తులుండక్కర్లేదు, అయితే ముందే చెప్పాలి. లావో వంటలో చిక్కు మాంసం ఒక్కటే అయితే సులువుగా పక్కన పెట్టేవాళ్లం. అసలు చిక్కు చేపల సాస్‌లతో. పులియబెట్టిన చేపతో చేసే పాదేక్, పల్చటి నామ్ పా కూరగాయల వంటకాల్లో కూడా పడతాయి. పచ్చి బొప్పాయి రోటిలో దంచుతున్నప్పుడే అవి వేసేస్తారు, తర్వాత తీయడం కుదరదు. అందుకే మూడు మాటలు నేర్చుకుని వెళ్లండి. "బొ సై సీన్" అంటే మాంసం వేయొద్దు. "బొ సై నామ్ పా", "బొ సై పాదేక్" అంటే ఆ చేపల సాస్‌లు వద్దు. నవ్వుతూ చెప్తే చాలు, మళ్లీ దంచి ఇస్తారు.

మన చిత్తూరు వాళ్లకు ఈ తిండి త్వరగా అలవాటవుతుందని నా నమ్మకం. అక్కడ జిగురన్నం వెదురు బుట్టలో పెడతారు. సంగటి లాగే చేత్తో చిన్న ముద్ద చేసి నంజుకుని తినాలి. నంజుకోవడానికి జెయో అనే పచ్చడి ఉంటుంది, కాల్చిన మిరపకాయ, వెల్లుల్లి, టమాటాతో. వంకాయ కాల్చి నూరేది కూడా ఉంది. చేపల సాస్ లేకుండా చేయించుకుంటే మన ఇంట్లో చేసిన వంకాయ పచ్చడే. దోన్ దెత్‌లో ఒకావిడ రోట్లో అది నూరుతుంటే పక్కన కూర్చుని చూశాను, మా అమ్మ చెయ్యి తిరిగినట్టే తిరిగింది.

అపోహ: "ఎండాకాలం సెలవుల్లో వెళ్తే సరి"

మన సెలవులు అక్కడి వాతావరణానికి సరిపోవు. ఏప్రిల్‌లో అక్కడి ఎండ తిరుపతి ఎండకు తక్కువేమీ కాదు. ఆ నెల మధ్యలో లావో కొత్త సంవత్సరం, గదులు, వ్యాన్లు దొరకడం కష్టం. మే నుంచి వానలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. అందుకే సంక్రాంతి సెలవులకు ప్లాన్ చేసుకోమంటాను, టికెట్లు మాత్రం మూడు నెలల ముందే కొనాలి. ఫిబ్రవరికి నది తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి. వానాకాలంలో చిన్న లంకలు ఎన్నో మునిగిపోతాయి. నాలుగు వేలన్న లెక్క నీటిమట్టాన్ని బట్టి మారుతూ ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరులో నీళ్లు ఎర్రగా, దారులు బురదగా ఉన్నా జలపాతాలు అప్పుడే నిండుగా ఉంటాయి, గదులు కూడా చవక. ఒంటరిగా వెళ్లే కుర్రాళ్లకు అది మంచి కాలమే.

డబ్బు విషయం రెండు ముక్కల్లో చెప్తాను. ఫోన్‌తో చెల్లించవచ్చనే ధీమా వద్దు. పాక్సేలోనే కిప్‌లు మార్చుకుని, లంకలో ఉండే అన్ని రోజులకూ సరిపడా నగదు దగ్గర పెట్టుకోండి. డెంగీ, మలేరియా రెండూ ఉన్న ప్రాంతం కాబట్టి వెళ్లేముందు డాక్టర్‌ను కలవండి. లంకల్లో పెద్ద ఆసుపత్రి లేదు, ఇన్సూరెన్స్ లేకుండా బయల్దేరొద్దు.

అపోహ: "అక్కడ మనవాళ్లకు చూసేదేముంది, గుడి కూడా లేదు"

పాక్సే నుంచి లంకలకు వెళ్లే దారిలో, నదికి పడమటి గట్టున చంపాసక్ అనే చిన్న ఊరుంది. దాని వెనక కొండ వాలులో వాట్ ఫూ. ఖ్మేర్ రాజుల కాలపు శివాలయం, 2001 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. ఆ కొండ శిఖరం సహజంగానే లింగాకారంలో ఉంటుంది. పాత శాసనాల్లో దాని పేరు లింగపర్వతం. గుడి వెనక బండ నుంచి ఊట వస్తుంది. ఆ నీళ్లు రాతి కాలువల గుండా పారి గర్భగుడిలో లింగాన్ని ఎప్పుడూ తడుపుతూ ఉండేలా కట్టారు. ఇప్పుడు అక్కడ బుద్ధుడి విగ్రహాలున్నాయి, అక్కడివాళ్లు ఆయనకే పూలు పెడతారు. ఊట మాత్రం ఇంకా పారుతోంది. ఆ నీళ్లను పవిత్రమని తలమీద చల్లుకుంటారు. వెనక బండ మీద త్రిమూర్తులను చెక్కారు.

కపిలతీర్థం దగ్గర పుట్టి పెరిగిన నేను మొదటిసారి ఆ మెట్లెక్కి ఆ ఊట కింద చెయ్యి పెట్టినప్పుడు చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మెట్లు ఏటవాలుగా, అరిగిపోయి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పొద్దున్నే, చేతికర్రతో ఎక్కాలి. పది రోజుల ప్లాన్‌కు ఇంకో రోజు కలపగలిగితే పాక్సేకు తిరిగొచ్చే రోజున చంపాసక్‌లో ఒక రాత్రి ఆగండి. లంకలో గడిపే నాలుగు రాత్రుల్లోంచి మాత్రం ఆ రోజు తీయకండి.